కొరడా మీద మైదాపిండి

ఆ మంగళవారం పొద్దున సీతామహాలక్ష్మి పెట్టుకున్న కార్యక్రమం ఒక్కటే. గోంగూర వలిచి, కడిగి, ఆరబెట్టి, సాయంత్రానికి పచ్చడి చేయడం. భర్త గోవర్ధనరావు పనిమీద పామర్రు వెళ్ళాడు. కూతురు తేజస్విని గుడ్డలు వేలాడదీసే కర్రలు కొనడానికి బందరు వెళ్ళింది. ఇద్దరూ బస్సు దిగామని ఫోన్లు చేసేదాకా ఆవిడ గోంగూర కట్ట విప్పలేదు. బస్సు ఆలస్యమైతే బోల్తా పడిందనుకుంటుంది, త్వరగా చేరితే డ్రైవరు తాగి తోలాడనుకుంటుంది. ఏడో తరగతితో చదువు ఆగింది గానీ, భయపడడంలో ఆవిడ ఎప్పుడూ ఆగలేదు.

పెడనలో వాళ్ళది కలంకారీ అద్దకం ఇల్లు. పెరట్లో షెడ్డు, షెడ్డులో దండేల మీద ఇరవై గోడగుడ్డలు ఆరుతున్నాయి. అవి తేజస్విని సొంతంగా బొమ్మ గీసి, అచ్చు చెక్కించి, సొంత పేరు మీద ఒప్పుకున్న మొదటి పని. బస్తాలు నిండిన బండి, మోకాళ్ళు వంగిపోయిన ఎద్దు, కొరడా ఎత్తిన తలపాగా మనిషి, ఎద్దు వీపు మీద మూడు చారలు. గోవర్ధనరావు ముందే తేల్చి చెప్పాడు. "ఇది గట్టెక్కితే ఇకమీదట నీ అచ్చులే వేద్దాం. తేడా వచ్చిందా, అవి అటకెక్కుతాయి. మళ్ళీ మామిడిపిందెల దుప్పట్లే." ఆ పిల్ల నెల రోజులుగా సరిగా తినడం లేదు.

గోంగూర సగం వలిచేసరికి పక్కింటి రావమ్మ ఫోను పట్టుకుని వచ్చింది.

"వదినా, మీ అమ్మాయి ఫోన్లో పెట్టిన ఎద్దు బొమ్మ చూశాను. ఎంత పని చేసింది!"

"ఏం, బాగాలేదా?"

"బాగుంది. వచ్చిన చిక్కే అది. జంతువుల్ని హింసించే బొమ్మలు చూపిస్తే ఏడేళ్ళు జైలంట. చట్టమే ఉందంట. ఇదిగో, విను."

ఫోన్లో ఎవరో మగమనిషి, వెనక డప్పులు మోగుతుండగా, ఏడేళ్ళు అని ఏడుసార్లు అన్నాడు.

"చూపించినవాళ్ళకే కాదు, పంచినవాళ్ళకి కూడానంట," అంది రావమ్మ. "నేను నిన్న పదిమందికి పంచాను."

"నువ్వెందుకు పంచావే?"

"మన పిల్ల గొప్ప చెప్పుకుందామని. పొద్దున్నే తీసేశాలే. పోలీసులొస్తే నా పేరెత్తకు వదినా, నీకు పుణ్యముంటుంది."

రావమ్మ వెళ్ళాక సీతామహాలక్ష్మి లెక్క వేసింది. గుడ్డకు ఏడేళ్ళు. ఇరవై గుడ్డలకు నూట నలభై. పిల్లకిప్పుడు ఇరవై మూడు. బయటికొచ్చేసరికి నూట అరవై మూడు. అప్పటికి తాను ఉండదు కదా, ఇంటికొచ్చిన పిల్లకి అన్నం ఎవరు పెడతారని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అంతలో ఇంటి ఫోను మోగింది.

"నమస్కారమమ్మా. నేను బందరు నుంచి అడ్వకేట్ చలపతిరావుని. తేజస్విని గారున్నారా? ఆ ఎద్దు బొమ్మల గురించి."

సీతామహాలక్ష్మి గొంతు తగ్గించింది. "ఏ ఎద్దండీ?"

"అదేనమ్మా, ఇరవై గుడ్డలు. కొరడా స్పష్టంగా పడిందా? మాకదే ముఖ్యం. వీపు మీద దెబ్బలు కూడా బాగా తెలియాలి."

"మా ఇంట్లో కొరడా లేదండీ. ఎద్దు కూడా లేదు. మా నాన్నకి గుడివాడలో ఒక గేదె ఉండేది. దాన్నీ నా పెళ్ళికి ముందే అమ్మేశారు."

"సరేనమ్మా. ఎల్లుండి సాయంత్రం నేనే వచ్చి అన్నీ తీసుకెళ్తాను. ఇరవైకి ఒక్కటి కూడా తగ్గకూడదని చెప్పండి."

ఇక అనుమానమేముంది? సాక్ష్యం పట్టుకుపోవడానికి వస్తున్నాడు. గుడ్డలు కాల్చేద్దామంటే లెక్క తగ్గుతుంది. కాబట్టి గుడ్డలుండాలి, కొరడా ఉండకూడదు. ఇంత తెలివి తనకెక్కడిదని ఆవిడకే ఆశ్చర్యం వేసింది.

ఆ ఇంటికి కాపురానికొచ్చి ఇరవై నాలుగేళ్ళైనా, షెడ్డులోకి ఆవిడకు ప్రవేశం లేదు. "అచ్చు జారుతుంది, వేలు నలుగుతుంది" అని వెనక నిలబడి అరుస్తుంటే పనివాళ్ళకు చేతులు వణుకుతున్నాయని, గోవర్ధనరావు పెళ్ళయిన నెలకే ఆవిడను వంటింటికి పరిమితం చేశాడు. అందుకని షెడ్డులోని కుండలతో ఆవిడకు చూపు పరిచయం మాత్రమే. ఒక కుండలో నల్లది. ఒక కుండలో తెల్లగా, జిగురుగా ఉండేది. ఎరుపు సంగతి అడిగితే, అది గుడ్డల్ని ఉడకబెట్టే రాగి కాగులో ఉంటుందని చెప్పేది. ఆ కాగు ఎక్కడ ఎరుపు చేయాలో, ఎక్కడ వదిలేయాలో ఎలా తెలుసుకుంటుందని ఆవిడ ఎన్నడూ అడగలేదు. కరెంటు ఎక్కడి నుంచి వస్తుందని మాత్రం ఎవరడిగారు?

తెల్లకుండ తెచ్చుకుంది. పలచగా ఉందని రెండు గుప్పిళ్ళ మైదాపిండి కలిపింది. గోడకు సున్నం పట్టించినట్టు ఇరవై కొరడాల మీదా, అరవై చారల మీదా దట్టంగా పట్టించింది. గుడ్డ దండెం మీద నిలువుగా వేలాడుతోంది. పిండి ఎద్దు వీపు మీంచి డొక్కల మీదికి, కాళ్ళ మీదికి ధారలు కట్టింది. కట్టనీ, తెల్లగానే ఉందిగా అనుకుంది. ఆరాక చూస్తే బండివాడు చెయ్యెత్తి ఎద్దును ఆశీర్వదిస్తున్నట్టున్నాడు. కూతురు వచ్చేలోపు గుడ్డలన్నీ మడిచి మూట కట్టేసింది. పచ్చడి కూడా చేసింది, ఉప్పు వేయకుండా.

మర్నాడు తెల్లవారగానే గుడ్డలు ఉతికి ఉడకబెట్టే నరసయ్య వచ్చి మూట విప్పాడు. ముప్పై ఏళ్ళుగా కాలవలో గుడ్డలు జాడిస్తున్న మనిషి.

"ఇదేంటమ్మాయ్, గుడ్డల మీద పిండి?"

"కొత్త పద్ధతి బాబాయ్. తేజస్విని కనిపెట్టింది. ఎవరితోనూ అనకు, నేర్చేసుకుంటారు."

"వాసన చూస్తే చపాతీలా ఉంది."

"కొత్త పద్ధతులన్నీ అలాగే ఉంటాయి బాబాయ్."

నరసయ్య తల ఊపాడు. చదువుకున్న పిల్ల, ఏదో ఉండే ఉంటుందనుకున్నాడు. కాలవలో జాడించాడు, పిండి పోయింది. రాగి కాగులో వేసి ఉడకబెట్టాడు. సాయంత్రం గుడ్డలు తీసి గట్టు మీద పరిచాక, ఆయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

తెల్లకుండలో ఉన్నది పటిక. పటిక తగిలిన చోటే కాగులో గుడ్డ ఎర్రబడుతుంది. పెడనలో పాలు తాగే పిల్లకు కూడా తెలిసిన సంగతి. బండివాడి తలపాగా కాస్త ఎర్రగా రావాలని తేజస్విని వాడిన కుండ అది. ఇప్పుడు తలపాగా సరే, కొరడా ఎక్కడికీ పోలేదు సరికదా, దాని చుట్టూ ఎరుపు. వీపు ఎరుపు. డొక్కల మీంచి కాళ్ళదాకా ధారలు ధారలుగా ఎరుపు. ఇరవై ఎద్దులు నెత్తురోడుతూ కాలవ గట్టు మీద వరసగా పడున్నాయి.

తేజస్విని ఏడవలేదు. గట్టు మీద కూలబడింది. అది చూడడం ఇంకా కష్టమైంది సీతామహాలక్ష్మికి. అక్కడే అన్నీ చెప్పేసింది, రావమ్మ పేరుతో సహా.

"అమ్మా, బందరులో మూగజీవాల మిత్రమండలి వాళ్ళ సభకే ఆ బొమ్మలు! కొట్టకూడదని చెప్పడానికే కొట్టే బొమ్మ గీశాను. ఆ లాయరుగారు ఆ మండలి కార్యదర్శి."

"మరి నాకు ముందే చెప్పొచ్చుగా?"

"లాయర్లని చెబితే నువ్వు నిద్రపోయేదానివా?"

ఇంట్లో సంగతి విన్న గోవర్ధనరావు నిచ్చెన తెచ్చి అటక కింద ఆనించాడు.

గురువారం సాయంత్రం చలపతిరావు కారు దిగేసరికి గుమ్మంలో సీతామహాలక్ష్మి అడ్డంగా నిలబడి ఉంది. కూతురు నేరం కాదన్నా ఆవిడకు నమ్మకం కుదరలేదు. పైగా నిన్నటిదాకా ఒక కొరడా. ఇవాళ నెత్తురు కూడా.

"అయ్యా, ఆ నెత్తురు నేను పెట్టిందే. పిల్లకేం తెలీదు. తీసుకెళ్తే నన్ను తీసుకెళ్ళండి. బీపీ మాత్రలు కూడా సంచిలో పెట్టుకున్నాను."

సంగతంతా విని ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. "అమ్మా, ఆ ఏడేళ్ళ చట్టం ఎక్కడో అమెరికాలోది. అది కూడా నిజంగా జంతువుల్ని చిత్రవధ చేసి వీడియోలు తీసేవాళ్ళ మీద. మన దగ్గర ఎద్దును కొడితే తప్పు. కొట్టడం తప్పని బొమ్మ వేస్తే తప్పెలా అవుతుంది? భావప్రకటన స్వేచ్ఛ అని రాజ్యాంగంలోనే రాసి ఉంది. భయపడి ఉన్నదాన్ని కప్పెట్టకూడదమ్మా. చూపించాలి. ఏవీ, గుడ్డలు?"

తేజస్విని ఒకటి విప్పింది. చలపతిరావు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అబ్బో. ఇది... మరీ ఇంతగానా? సభకి పెద్దవాళ్ళొస్తారు. భోజనాలు కూడా అక్కడే. ఈ ఎరుపు మీద కాస్త ఏదైనా కప్పడానికి..."

"కొడితే రాదా అండీ?" అంది సీతామహాలక్ష్మి.

"ఏంటమ్మా?"

"నెత్తురండీ. అన్ని బస్తాలెత్తి, అంత కొరడాతో కొడితే రాదా? ఇప్పుడేగా చూపించాలన్నారు. నేను ఏడో తరగతి దాన్ని, భయపడి కప్పెట్టాను. మీకేం భయం? మీకు రాజ్యాంగం ఉందిగా!"

గోవర్ధనరావు భార్యను, ఇంటికి కొత్తగా వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశాడు. చలపతిరావు గుడ్డ దగ్గరికి మళ్ళీ వచ్చాడు. కారిన ధార మీద వేలు ఆనించి, కాళ్ళ నుంచి కొరడా దాకా జరిపాడు. "భోజనాలు పక్క హాల్లో పెట్టిస్తాను," అన్నాడు చివరికి. ఇరవై గుడ్డలూ కారెక్కాయి. గోవర్ధనరావు నిచ్చెన తీసి గోడ వెనక్కి చేర్చాడు.

మరుసటి వారం మండలి వాళ్ళు ఇంకో ముప్పై కావాలన్నారు. ఈసారి అంచు మీద కళాకారుల పేర్లు కూడా వేయమన్నారు. తేజస్విని ఇద్దరి పేర్లతో అచ్చు గీసి తెచ్చింది, తనది పైన, తల్లిది కింద. సీతామహాలక్ష్మి ఒప్పుకోలేదు. తన పేరే పైన ఉండాలంది. నాలుగింతలు పెద్దగా ఉండాలంది. కూతురి పేరు కంటికి ఆనకపోయినా ఫరవాలేదంది.

కేసంటూ వస్తే పోలీసులు ముందు పై పేరే చదువుతారన్న సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు కాబట్టి, ఆవిడకు పేరుపిచ్చి పట్టిందని పెడనంతా చెప్పుకుంటోంది.