రెండు పగళ్లు, ఒక రాత్రి: ఎర్రకుంట

శనివారం వస్తే ఎక్కడికి పోవాలో తెలియక హైదరాబాద్ ప్రజలు నలిగిపోతున్నారనీ, వాళ్ల బాధను ఈ ప్రభుత్వం చూస్తూ ఊరుకోదనీ మంత్రి రఘుపతి గారు మా ఎర్రకుంట బడి మైదానంలో ప్రకటించారు. మేమందరం చప్పట్లు కొట్టాం. హైదరాబాద్‌లో అంత కష్టం ఉందని అప్పటిదాకా మాకు తెలియదు.

రఘుపతి గారు వారాంతపు విహార శాఖ మంత్రి. అలాంటి శాఖ ఇంకెక్కడా లేదు. అన్ని శాఖలూ పంచేశాక ఆయనొక్కరూ మిగిలిపోతే, వారంలో చివరి రెండు రోజులు ఆయనకు ఇచ్చారు. ఆ రెండు రోజుల్లోనే ఆయన సాధించినది, మిగతా మంత్రులు ఐదు రోజుల్లో సాధించలేదు. అందుకే పాఠకులకు ఈ సంగతి తెలియాలని రాస్తున్నాను. నా పేరు లింగమూర్తి. గనిలో కార్మికుల హాజరు రాసే మస్టర్ గుమాస్తాగా ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను.

మా ఎర్రకుంట గోదావరిఖనికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. రెండు వైపులా ఓపెన్‌కాస్టు గని. మూడో వైపు ఆ గనిలోంచి తీసిన మట్టి పోసిన గుట్ట. నాలుగో వైపు రోడ్డు, అంటే బొగ్గు లారీలు. మంత్రి గారు మైకు ముందు నిలబడి ఆ గుట్ట వైపు చెయ్యి చాపారు.

"గది గుట్ట కాదు. హిల్ స్టేషన్! ఊటీని దేవుడు చేసిండు. దీన్ని మనమే చేసుకున్నం. ఏది గొప్ప?"

మేం ఆలోచిస్తుండగా ఆయనే ముందుకు పోయారు.

"మన దగ్గర ఎండ నలభై ఏడు డిగ్రీలు. హైదరాబాద్‌ల గదే వేడికి మనిషిని అర్రలేసి, స్టీమ్ బాత్ అంటున్నరు. మనకు ఊరంత స్టీమ్ బాత్!"

అప్పుడే మధ్యాహ్నం రెండయింది. గనిలో రోజూ పెట్టే బ్లాస్టింగ్ పేలింది. స్టేజీ ఊగింది, పూలకుండీ కింద పడింది, మంత్రి గారి గన్‌మన్ కూడా పడ్డాడు. మంత్రి గారు మైకు స్టాండు గట్టిగా పట్టుకుని, ముఖం మీది చిరునవ్వు చెదరకుండా అన్నారు.

"అడ్వెంచర్ టూరిజం."

సభ అయిపోయాక సమ్మవ్వ దరఖాస్తు పట్టుకుని ఆయన దగ్గరికి పోయింది. అది నేను రాసిందే. ఆరేళ్లుగా ఆమె దరఖాస్తులన్నీ నేనే రాస్తున్నాను. ఆమె భర్త బుచ్చన్న గనిలో పనిచేసి, రిటైరై, కాలం చేశాడు. ఆయన కట్టించిన రెండర్రల ఇంట్లో ఆమె ఒక్కతే ఉంటుంది. బ్లాస్టింగు దెబ్బకు ఆ ఇంటి వెనక గోడ పైనుంచి కిందికి చీలింది. పడుకుంటే గోడ మీద పడుతుందేమోనని సమ్మవ్వ ఆరేళ్లుగా ముందరి అరుగు మీదే పడుకుంటోంది.

మంత్రి గారు స్వయంగా వచ్చి చూశారు. చీలికలో చెయ్యి పెట్టారు. చెయ్యి మోచేతి దాకా పోయి అవతల తేలింది.

"గాలి మంచిగొస్తదా అవ్వా?"

"గాలొస్తది సారూ, వానొస్తది, పోయిన యేడు పామొచ్చింది."

"నేచర్‌కు దగ్గరగా ఉన్నది," అన్నారు మంత్రి గారు, పక్కనున్న అధికారి వైపు తిరిగి. "వీరేందర్, రాసుకో. హెరిటేజ్ హోమ్‌స్టే."

వీరేందర్ గారు ఆ శాఖకు మా ప్రాంతపు ప్రాజెక్టు ఆఫీసర్. మంచి చురుకైన మనిషి. సాయంత్రానికల్లా సమ్మవ్వ ఇంటికి బోర్డు వచ్చింది. మేకులు కొడుతుంటే చీలిక మరో జానెడు పెరిగింది.

టూరిస్టుల పేర్లు రాయడానికి ఒక రిజిస్టరు తెచ్చి, దస్తూరీ బాగుంటుందని నన్ను కూర్చోబెట్టారు. మొదటి శనివారం బడి ముందు షామియానా వేసుకుని కూర్చున్నాం. సాయంత్రం దాకా ఒక్క కారు వచ్చింది. అందులోని వాళ్లు మంచిర్యాలకు దారి అడిగారు. వీరేందర్ గారు వాళ్లకు బొట్టుపెట్టి, దండవేసి, దారి చెప్పారు. వాళ్లు పదకొండు నిమిషాలున్నారు. రిజిస్టరులో నలుగురిని రాశాను. ఒడిలో పిల్లను కూడా కలిపితే ఐదుగురు.

తరువాతి శనివారం మంత్రి గారు తనిఖీకి వస్తారని శుక్రవారం ఫోనొచ్చింది. వీరేందర్ గారి ముఖం పాలిపోయింది.

"లింగమూర్తన్నా, నూరు మంది టూరిస్టులు గావాలె. రేపు పొద్దుగాల పది గంటలకు."

"యాడికెళ్లి తెస్తం సారూ?"

ఆయన వీధి వెంట చూశారు. నైట్ షిఫ్టు దిగిన వాళ్లు పళ్లపుల్లలు నములుతూ గడపల ముందు కూర్చున్నారు. ఆయన ముఖంలోకి మళ్లీ రక్తం వచ్చింది.

మరునాడు మా ఊరి మగవాళ్లు మోకాళ్ల దాకా ఉండే రంగురంగుల నిక్కర్లు తొడుక్కుని రోడ్డెక్కారు. అవి శాఖ పంపినవే. లారీలు బాగుచేసే బిలాల్‌నూ, అతని భార్య జూహీనీ కొత్త పెళ్లి జంటగా నియమించారు. వాళ్ల ముగ్గురు పిల్లలను వేరే కుటుంబానికి ఇచ్చారు. వీరేందర్ గారు అందరినీ వరసగా నిలబెట్టి శిక్షణ ఇచ్చారు.

"ఎవరన్న అడిగితే ఏమనాలె?"

"హైదరాబాద్ నుంచి వచ్చినం!"

"గుట్టను చూస్తే?"

"వావ్!"

సమ్మవ్వ నల్ల కళ్లద్దాలు పెట్టుకోనంది.

"నా ఇంటికి నేనే సుట్టాన్నా? గిదేం పని సారూ?"

"రెండు గంటలే అవ్వా. నా నౌకరి నీ చేతులున్నది," అని వీరేందర్ గారు చేతులు జోడించారు. సమ్మవ్వది మెత్తని మనసు. కళ్లద్దాలు పెట్టుకుంది.

మంత్రి గారు తిన్నగా ఆమె దగ్గరికే వచ్చారు. రెండు వారాల కిందట ఆమె దరఖాస్తు తీసుకున్న మనిషే. కానీ ఇప్పుడామె హైదరాబాద్ నుంచి వచ్చింది.

"ఏం మేడమ్, ఎట్లున్నది మా ఎర్రకుంట? మీకు ఏ ఇబ్బంది లేదు గదా?"

వావ్ అనమని వెనకనుంచి వీరేందర్ గారు సైగ చేశారు. సమ్మవ్వకు అబద్ధమాడటం రాదు.

"ఏం జెప్పాలె సారూ. పండుదామంటే గోడ మీద పడేటట్టున్నది. నల్లా మూడొద్దులకోసారి వస్తది, అదీ నల్లగ. పానం బాగలేకపోతే దవాఖానల డాక్టరుండడు."

మంత్రి గారి ముఖం ఎర్రబడింది. అంత కోపం ఆయనలో ఉందని మాకు తెలియదు.

"ఏందయ్యా వీరేందర్ గిది! అంత దూరం నుంచి మనల్ని నమ్మి వచ్చిన అతిథికి గిట్లనా? నాకు సాయంత్రం నాలుగింటికల్లా గోడ గావాలె. నీళ్లు గావాలె. డాక్టరు గావాలె!"

మధ్యాహ్నం పన్నెండుకు నీళ్ల ట్యాంకర్ వచ్చింది. ఒంటిగంటకు ముగ్గురు మేస్త్రీలు దిగారు. రెండున్నరకు, బ్లాస్టింగు అయ్యాక, డాక్టరు వచ్చి, జబ్బు లేదన్నా వినకుండా సమ్మవ్వకు బీపీ చూశాడు. నాలుగు కొట్టేసరికి వెనక గోడ కొత్తగా లేచి నిలబడింది.

ఆ రాత్రి సమ్మవ్వ ఆరేళ్ల తరువాత తన అర్రలో పడుకుంది. పొద్దున నల్ల కళ్లద్దాలు చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"లింగమూర్తీ, నువ్వు రాసిన కాయితాలకు కాని పని, గీ అద్దాలకు అయింది."

"అయింది అక్కా."

"మరి మనం ఇన్నేండ్లు ఈడ ఎందుకున్నట్టు? ముందుగాలనే టూరిస్టులమైతే అయిపోవు గదా."

ఆ మాట వీధంతా పాకింది. తరువాతి శనివారం నా షామియానా ముందు ఎర్రకుంట మొత్తం క్యూ కట్టింది. బిలాల్ అందరికంటే ముందు నిలబడ్డాడు.

"రాయి కాకా. మా గల్లీల మోరీ నిండి పొంగుతున్నది. జూహీ పరేషానైతున్నది."

"ఏ అడ్రసు రాయాలె?"

"నాకేమెర్క? మంచి ఇల్లు సూసి రాయి. బాల్కనీ ఉండాలె."

అతనికి మెహదీపట్నంలో బాల్కనీ ఉన్న ఫ్లాటు రాశాను. సమ్మవ్వకు కూకట్‌పల్లి ఇచ్చాను, లిఫ్టు ఉండేలా చూశాను. ముప్ఫై ఒక్క ఏళ్లు రానివాణ్ని వచ్చినట్టు ఏనాడూ రాయనివాణ్ని. ఆ ఒక్క రోజులో రెండువందల పన్నెండు కుటుంబాలను ఊరు దాటించాను. నిజం చెప్పాలంటే సంతోషంగానే రాశాను. బిలాల్ వాళ్ల మోరీ సోమవారానికల్లా తీశారు. వీధి దీపాలు వెలిగాయి. లారీలు లేపే దుమ్ము మీద రోజుకు నాలుగుసార్లు నీళ్లు చల్లారు. శనివారం పోయి ఆదివారం, ఆదివారం పోయి మళ్లీ శనివారం, మేం టూరిస్టులుగానే మిగిలిపోయాం.

రాష్ట్రంలో ఇంత మంది టూరిస్టులు వచ్చిన ఊరు ఇంకొకటి లేదని లెక్కలు తేలాయి. స్థానికుల ఫిర్యాదుల పెట్టె తెరిచి చూస్తే ఖాళీగా ఉంది. మంత్రి గారికి హైదరాబాద్‌లో అవార్డు ఇచ్చారు. దాన్ని అందుకుంటూ ఆయన కళ్లు తుడుచుకున్నారు. టీవీలో చూసి మా సమ్మవ్వ కూడా తుడుచుకుంది.

ఆ నెలలోనే ఒక శనివారం, చేతిలో ఫైలు పట్టుకుని ఒక సర్వేయరు వచ్చాడు. బక్కపలచని మనిషి, ఎండకు చెమటలు కక్కుతున్నాడు. ఇంటింటికీ పోయి ఒకే ప్రశ్న వేశాడు.

"ఈ ఊళ్లో ఉండేది మీరేనా?"

ఇలాంటి తనిఖీలకు మా వాళ్లు ఆరితేరి ఉన్నారు. కొత్త మనిషి కనబడగానే నిక్కర్లు తొడిగారు.

"హైదరాబాద్ నుంచి వచ్చినం!"

"మరి ఊరివాళ్లు ఎక్కడున్నారు?"

"వావ్!" అన్నాడు బిలాల్, గుట్టను చూస్తూ.

రెండువందల పన్నెండు గడపల్లో ఒక్కరు కూడా తడబడలేదు. చివరికి ఆయన నా దగ్గరికి వచ్చి రిజిస్టరు అడిగాడు. చూపించాను. దస్తూరీ బాగుందని మెచ్చుకుని, ప్రతి పేజీనీ ఫోనులో ఫొటో తీసుకున్నాడు. మంచినీళ్లు ఇస్తే తాగి, మా అందరికీ యాత్ర శుభప్రదం కావాలని చెప్పి పోయాడు.

పది రోజులకు, సోమవారం ఉదయం, ఊరి ముందు ఇరవై ఏసీ బస్సులు ఆగాయి. మొదటి బస్సులోంచి వీరేందర్ గారు దిగి, బడి గోడకు నోటీసు అంటించారు. ఓపెన్‌కాస్టు విస్తరణ కోసం ఎర్రకుంటను తీసుకుంటున్నారు. పునరావాసం కోసం జరిపిన సర్వేలో తేలిన స్థానిక కుటుంబాలు: శూన్యం. అతిథులందరూ పది గంటలకల్లా గదులు ఖాళీ చేయవలెను.

సమ్మవ్వ నోటీసును నాతో రెండుసార్లు చదివించుకుంది. తరువాత ఇంట్లోకి పోయి, సంచీలోంచి ఆధార్ కార్డు తీసుకొచ్చి వీరేందర్ గారి ముందు పెట్టింది.

"గిది నా ఇల్లు సారూ. నా పెనిమిటి కట్టిండు. గీండ్ల రాసున్నది సూడు, ఎర్రకుంట అని."

వీరేందర్ గారు తలవంచుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు.

"నాకెర్కే అవ్వా. కాని రిజిస్టరు మీద నా సంతకమున్నది. దాని మీదనే మంత్రి గారికి అవార్డొచ్చింది. గిప్పుడు నువ్వు టూరిస్టువు కాదంటే, నేను దొంగనైత, అవార్డు దొంగదైతది. గీ మాట నేనెట్ల రాయాలె, ఎవరికి రాయాలె?"

"మంత్రికే జెప్త. ఆయననే మొన్న గోడ కట్టించిండు."

"గదే నేను జెప్పేది. ఆయన హైదరాబాద్‌ల ఆఫీసులుంటడు. అందరు నడువుండ్రి. బస్సు ఫ్రీ."

మేం కాసేపు కూడబలుక్కున్నాం. మంత్రి గారు మాట వింటే ఆరు గంటల్లో పనవుతుందని కళ్లారా చూసిన వాళ్లం. ఎక్కాం. సమ్మవ్వ తాళం వేసి, తాళంచెవి కొంగుకు ముడేసుకుంది. మా బస్సులు మలుపు తిరిగేసరికి ఊరి చివర పొక్లెయినర్లు వరసగా నిలబడి ఉన్నాయి. మాకు దారి ఇవ్వడానికి అవి పక్కకు జరిగాయి.

హైదరాబాద్‌లో శాఖ ఆఫీసు చాలా చల్లగా ఉంది. మంత్రి గారు లేరు. పర్యాటకం అధ్యయనం చేయడానికి స్విట్జర్లాండ్ వెళ్లారని, నెలాఖరుకు వస్తారని చెప్పారు. బస్సులు మమ్మల్ని దించి వెళ్లిపోయాయి. సాయంత్రం దాకా హాల్లో కూర్చున్నాం. ఎర్రకుంట వాళ్లమని చెబితే ఎవరూ పలకలేదు.

చివరికి సమ్మవ్వ లేచి, టికెట్లిచ్చే కౌంటర్ దగ్గరికి పోయింది. నేనూ వెంట వెళ్లాను. కౌంటర్‌లో సంతోషి అనే అమ్మాయి కూర్చుని ఉంది. బోర్డు మీద పేరుంది.

"బిడ్డా, ఎర్రకుంటకు టికెటియ్యి. శనివారం దాక ఆగ, గిప్పుడే పోవాలె."

సంతోషి చాలా మర్యాదగా కంప్యూటర్ మీద వెతికింది.

"ఎర్రకుంట క్లోజ్ అయిందమ్మా. పర్మనెంట్‌గా. ఈ మధ్యాహ్నమే తీసేశారు." మా ముఖాలు చూసి ఆమెకు జాలేసినట్టుంది. "బాధపడకండమ్మా, గోలేటి గని దగ్గర ఇలాంటిదే ఇంకో ఊరు కొత్తగా ఓపెన్ చేశారు. చాలా బాగుందట. బుక్ చేయమంటారా?"

సమ్మవ్వ కొంగు ముడి మీద చెయ్యి వేసుకుంది.

"ఆడ మనుషులున్నరా బిడ్డా?"

సంతోషి మళ్లీ తెర వైపు చూసింది. కిందికి జరిపి, పైకి జరిపి చూసింది.

"ఈ శనివారం వరకైతే ఉన్నట్టు చూపిస్తోందమ్మా."