బొటనవేలికి మందు తేనె

ఆ రోజుకి సూపరింటెండెంట్ గారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడున్నరకి చొక్కా ఇస్త్రీ, ఏడు నలభైకి ఫలహారం, ఎనిమిదింబావుకి బస్సు, తొమ్మిదికి ఎనిమిది నిమిషాలుండగా ఆఫీసు, నాలుగింటికి సన్మానం. మొదటి నాలుగూ ఆయన పాతికేళ్ళుగా రోజూ చేస్తున్నవే. అయిదోది వాటికి దక్కిన ఫలం. పాతికేళ్ళలో ఒక్క రోజు సెలవు పెట్టకుండా, ఒక్క నిమిషం ఆలస్యం కాకుండా వచ్చిన ఉద్యోగిగా డైరెక్టరు గారు ఆయనకి జ్ఞాపిక ఇవ్వబోతున్నారు. ఆ పాతికేళ్ళకీ ఇదే ఆఖరి రోజు. ఈ ఒక్క హాజరూ పడితే చాలు.

ఆఫీసులో అందరూ ఆయన్ని చాటుగా గడియారం అంటారు. ఆ సంగతి ఆయనకి తెలుసు, లోలోపల సంతోషం కూడా. చదువులో ఆయన్ని ఎవరూ మెచ్చుకోలేదు. ఆటల్లో ఎవరూ జట్టులోకి తీసుకోలేదు. పాట ఎత్తుకుంటే సొంత అక్కే తలుపు వేసుకునేది. వేళకి రావడం ఒక్కటే ఆయనకి చేతనైన విద్య. పెళ్ళి కూడా ఆదివారం చూసుకుని చేసుకున్నాడు.

ఇస్త్రీపెట్టె కాగిందో లేదో కుడి బొటనవేలితో తాకి చూడడం ఆయన అలవాటు. పాత పెట్టె ముసలిది, ఎంతసేపు పెట్టినా గోరువెచ్చదనం దాటేది కాదు. దాని మీద వేలు ఆనించి, ఒకటి నుంచి అయిదు దాకా లెక్కపెట్టుకుని మరీ తీసేవాడు. ముందురోజు సాయంత్రం భార్య దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేసి కొత్తది కొన్నది. ఆ మాట ఆయనకి చెప్పింది కూడా. సన్మానం ధ్యాసలో ఉండి ఆయన “ఊఁ” అన్నాడు. పొద్దున పెట్టె రంగు మారిందని గమనించాడు గానీ, స్వభావం కూడా మారి ఉంటుందని అనుకోలేదు. “ఒకటి” అన్న మాట పూర్తి కాకుండానే ఆయన కేక వీధి చివరిదాకా వినిపించింది.

భార్య ఆసుపత్రిలో కాలిన గాయాల వార్డులో నర్సు. రోజంతా కట్లు కట్టడమే ఆవిడ పని. పరుగెత్తుకొచ్చి, మొగుడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టింది.

“ఇరవై నిమిషాలు కదలకండి.”

“ఇరవై నిమిషాలా? అవతల నా బస్సు!”

“బస్సు పోతే ఇంకోటి వస్తుంది. వేలు రాదు. ఉంచండి నీళ్ళ కింద.”

ఇరవై నిమిషాలూ ఆయన గోడ గడియారం వంక చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఆవిడ సంచిలోంచి ఒక ట్యూబు తీసింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని దాని మీది అక్షరాలు చదివాడు.

“తేనె అని రాసుందేమిటి?”

“తేనే. మందు తేనె.”

“దానికి ట్యూబెందుకూ? వంటింట్లో సీసాడు తేనె ఉందిగా!”

“అది మీ నోటికి. ఇది గాయానికి. దీన్ని క్రిమి అన్నది లేకుండా శుద్ధి చేసి, సీలు వేసి పంపిస్తారు. వంటింటి సీసాలో మీరు ఎంగిలి చెంచా ఎన్నిసార్లు తిప్పారో నాకు తెలీదనుకున్నారా? అది రాస్తే లేని రోగం వస్తుంది.”

తేనె దట్టంగా రాసి, పైన గాజుగుడ్డ వేసి, పట్టీ చుట్టింది. “ఇది గాయంలోంచి నీరు లాగుతుంది. తడితడిగా ఉంటుంది, కాస్త చురుక్కుమంటుంది కూడా. అయినా విప్పి చూడకూడదు. రేపు సాయంత్రం నేనే మారుస్తాను. వింటున్నారా?”

“ఊఁ,” అన్నాడాయన.

దుకాణాల తక్కెళ్ళనీ తూకపు రాళ్ళనీ పరీక్షించి ముద్ర వేసే ఆఫీసు ఆయనది. ఆ రోజు నుంచే అక్కడ వేలిముద్రల హాజరు యంత్రం మొదలు. దాన్ని పట్టుబట్టి తెప్పించింది ఆయనే. బిగించడానికి వచ్చిన మెకానిక్కు ఒక్కొక్కరివి రెండేసి వేళ్ళు నమోదు చేద్దామంటే, “మనిషికి ఒక్క వేలు చాలు. రెండు వేళ్ళిస్తే రెండు రకాల మోసాలు చేస్తారు,” అని కుడి బొటనవేలు ఒక్కటే ఖాయం చేశాడు. ఆ పైన తొమ్మిది అంశాల సర్క్యులరు రాసి గోడకి అంటించాడు. నాలుగో అంశం: వేలికి గుడ్డ చుట్టుకుని వచ్చి ముద్ర పడలేదనడం పాత ఎత్తు, అట్టివారికి ఆ రోజు గైర్హాజరు. ఏడో అంశం: యంత్రం మాటే తుదిమాట, దానితో వాదించరాదు. పాత హాజరు పట్టీని నిన్ననే అట్టపెట్టెలో పెట్టించి, తాళ్ళు కట్టించి రికార్డు గదికి పంపేశాడు.

ఎనిమిది యాభై రెండుకి ఆయన యంత్రం ముందు నిలబడి కట్టు కట్టిన వేలు ఆనించాడు.

“మళ్ళీ ప్రయత్నించండి,” అంది యంత్రంలోంచి ఒక ఆడగొంతు.

నాలుగుసార్లు ప్రయత్నించాడు. నాలుగుసార్లూ అదే మాట, అదే మర్యాద. తలుపులు తీస్తున్న అటెండరు దగ్గరికొచ్చాడు.

“గుడ్డకి ముద్రలేముంటాయి సార్. విప్పితే పడుతుందేమో.”

“విప్పకూడదన్నారయ్యా.”

“ఎవరు సార్?”

విప్పితే భార్యకి కోపం, విప్పకపోతే పాతికేళ్ళ శ్రమ మట్టిపాలు. భార్య దూరంగా ఉంది, యంత్రం ఎదురుగా ఉంది. అటెండరుని మంచినీళ్ళకి పంపించి గబగబా పట్టీ విప్పాడు. వేలి కొస బొబ్బెక్కింది గానీ కింది భాగం బాగానే ఉంది. తేనె ఓడుతున్న ఆ భాగాన్ని గాజు మీద పెట్టి, పళ్ళు బిగించి నొక్కాడు.

“స్వాగతం,” అంది యంత్రం.

ఆయనకి కళ్ళు చెమర్చాయి. నొప్పి వల్ల కొంత, ఆనందం వల్ల కొంత. కట్టు మళ్ళీ చేతనైనట్టు చుట్టుకుని, గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, సాయంత్రం చెప్పాల్సిన కృతజ్ఞతల ప్రసంగం బట్టీ పట్టడం మొదలుపెట్టాడు. యంత్రం గాజు మీద ఆయన బొటనవేలు, ఒక్క గీత కూడా పోకుండా, తేనెలో అచ్చుపడి ఉండిపోయింది.

తొమ్మిదికి అయిదు నిమిషాలుండగా సిబ్బంది వరస కట్టారు. ముందు నిలబడ్డది ఉత్తరాల గుమాస్తా. పందొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఏ ఆజ్ఞకీ ఎదురు చెప్పి ఎరగడు. వేలు పెట్టాడు.

“వెళ్ళి రండి,” అంది యంత్రం.

గుమాస్తా వెనక్కి తిరిగి అటెండరుని చూశాడు. “వెళ్ళమంటోందేంటి? ఇప్పుడేగా వచ్చాను!”

“నన్నడిగితే నేనేం చెప్పను? గోడ మీద చూడండి, ఏడో అంశం.”

గుమాస్తా ఏడో అంశం రెండుసార్లు చదివాడు. వాదించరాదని స్పష్టంగా ఉంది. భోజనం డబ్బా చంకన పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. తర్వాతి ఆవిడకి “స్వాగతం” అంది. ఆ తర్వాతి ఆయనకి “వెళ్ళి రండి” అంది. ఇలా ఒకరిని రమ్మని, ఒకరిని పొమ్మని వరసంతా తేల్చేసింది. వేలికి జిగురు తగులుతోందని అందరికీ తెలుస్తూనే ఉంది గానీ, అది ముందువాళ్ళదని ఎవరికి వారు అనుకుని, మర్యాదగా చేతిరుమాళ్ళకి తుడుచుకున్నారు. తెర మీద పేర్లు చీమ తలకాయలంత అక్షరాలతో పడుతున్నాయి, వాటిని చదివే ఓపిక ఎవరికీ లేదు. పొమ్మన్నవాళ్ళు పందొమ్మిది మంది. అందులో నలుగురు అనుమానపడి ఆగిపోయారు. మిగిలిన పదిహేను మందికీ సర్క్యులరు మీద అంతకుముందెన్నడూ లేనంత గౌరవం కలిగింది.

తొమ్మిదీ నలభైకి వరండాలో గోల వినిపించి సూపరింటెండెంట్ గారు బయటికొచ్చాడు. తక్కెళ్ళు భుజాన వేసుకుని దుకాణదారులు అరుస్తున్నారు. కుర్చీలు సగం ఖాళీ.

“వీళ్ళంతా ఏరయ్యా?”

“వెళ్ళిపొమ్మన్నారు సార్.”

“ఎవరు?”

“ఆవిడే,” అని అటెండరు యంత్రం వైపు వేలు చూపించాడు.

ఆయన నోరు తెరిచేలోపు గదిలో ఫోను మోగింది. డైరెక్టరు గారు.

“సూపరింటెండెంట్ గారూ, హాజరు నివేదిక నా ముందుంది. ముప్పై ఎనిమిది మంది గైర్హాజరు. ఒక్క మీరే వచ్చారు. ఇరవై సార్లు లోపలికి వచ్చి, పందొమ్మిది సార్లు బయటికి వెళ్ళారు. పాపం, ఏం జరుగుతోందో నాకర్థమైంది. యంత్రం వద్దని అందరూ సమ్మెకి దిగారు. మీరొక్కరే బయటికెళ్ళి బతిమాలి, మళ్ళీ వచ్చి పని చూసుకుంటున్నారు. అవునా?”

“అది కాదు మేడం...”

“మీరేం మాట్లాడకండి, అలిసిపోయుంటారు. జ్ఞాపిక పట్టుకుని ఇప్పుడే బయల్దేరుతున్నాను.”

ఆయన ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు. మెకానిక్కుని పిలిపించాడు. మెకానిక్కు యంత్రం మూత తీశాడు, మూశాడు, గాజు వంక ఏటవాలుగా చూశాడు. చూపుడువేలితో ఓ అంచు గీకి వాసన చూశాడు. చాలక నాలుక మీద పెట్టుకున్నాడు.

“తేనె సార్. మంచి తేనే. గాజు మీద ఎవరిదో ముద్ర తేనెతో గట్టిపడిపోయింది. పైన ఎవరు వేలు పెట్టినా ఇది కిందున్న ఆ ముద్రనే చదువుతోంది. ఒకే వేలు మళ్ళీ మళ్ళీ పడితే ఒకసారి రాక, ఒకసారి పోక అని రాసుకుంటుంది.”

“ఎవరిదంటారు?” అన్నాడు అటెండరు.

సూపరింటెండెంట్ గారు కట్టు ఉన్న చేతిని జేబులో పెట్టుకున్నాడు. విప్పానని చెబితే గుడ్డ సంగతి బయటపడుతుంది. గుడ్డ సంగతి బయటపడితే నాలుగో అంశం. “ఎవరో పొద్దున్నే తేనె తిని, చేతులు కడుక్కోకుండా వచ్చుంటారు,” అని నోరు జారాడు. జారిన మరుక్షణం నాలుక కరుచుకున్నాడు గానీ, అప్పటికే అటెండరు హాలు మధ్యలోకి వెళ్ళి, తేనె తిన్నవాళ్ళు చెయ్యెత్తాలని గట్టిగా ప్రకటించేశాడు.

మూలనుంచి ఒక చెయ్యి లేచింది. స్టోర్ కీపరు. భారీ మనిషి, దూదిలాంటి మనసు.

“సార్, నేనే సార్. ఒళ్ళు తగ్గడానికి రోజూ గోరువెచ్చటి నీళ్ళలో కలుపుకుని తాగుతాను. కానీ చెంచాతోనే కలిపాను సార్. వేలు పెట్టలేదు.” అంతలోనే ఆయనకి తన మీదే అనుమానం వచ్చింది. “పెట్టానేమో సార్, గుర్తులేదు. నిద్రకళ్ళతో ఉన్నాను.”

“ఎన్ని చెంచాలు?” అన్నాడు అటెండరు కఠినంగా.

“ఒకటే... రెండు.”

అప్పుడే డైరెక్టరు గారు లోపలికొచ్చింది. వెనకే డ్రైవరు ఎర్రగుడ్డ కప్పిన జ్ఞాపికతో వచ్చాడు. సగం మంది సీట్లలో ఉండడం చూసి ఆవిడ ఆశ్చర్యపోయింది. విషయమంతా అటెండరే చెప్పాడు, తన దర్యాప్తుకి కాస్త ఎక్కువ చోటిచ్చి మరీ చెప్పాడు. డైరెక్టరు గారు స్టోర్ కీపరు వైపు తిరిగింది.

“మీ వేలి తేనె గాజుకంటి, సూపరింటెండెంట్ గారి ముద్ర అందులో అతుక్కుపోయిందన్నమాట. రెండు చెంచాల తేనెతో ఆఫీసు మూయించారు. మీ సంజాయిషీ రాతమూలకంగా ఇవ్వండి. మీ మీద చర్య తీసుకోవాల్సి ఉంటుంది. సూపరింటెండెంట్ గారూ, రండి, ముందు మీ జ్ఞాపిక తీసుకోండి.”

డ్రైవరు ఎర్రగుడ్డ తీశాడు. తళతళలాడే పలక మీద ఆయన హోదా, పాతికేళ్ళ సంఖ్య, కింద చిన్న గడియారం బొమ్మ. దానికోసం ఆయన ఎన్ని జ్వరాలని మింగాడో ఆయనకే తెలుసు. చేతులు చాచాలనిపించింది. పక్కనే స్టోర్ కీపరు, ఎప్పుడూ చేయని నేరానికి పదాలు వెతుక్కుంటూ కాగితం మీద “నేను మిక్కిలి విచారిస్తూ” అని మొదలుపెట్టాడు. సూపరింటెండెంట్ గారు ఆ మాటలు చదివాడు.

జేబులోంచి చెయ్యి బయటికి తీశాడు.

“ఆయన్ని రాయొద్దనండి మేడం. అది తినే తేనె కాదు. మందు తేనె. శుద్ధి చేసింది. పొద్దున బొటనవేలు కాలితే మా ఆవిడ రాసింది. కట్టు విప్పి ముద్ర వేశాను. నేరం నాది.”

మెకానిక్కు మొహం పాలిపోయింది. “అంటే సార్, నేను నాకింది...” అని ఆగి, మాట పూర్తిచేయకుండా కుళాయి దగ్గరికి పరుగెత్తాడు.

డైరెక్టరు గారు చాలాసేపు ఆ వేలి వంక చూసింది. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి సర్క్యులరు మొదటినుంచి చివరిదాకా చదివింది.

“ఇది ఎవరు రాశారు?”

“నేనే మేడం.”

“బాగా రాశారు. ఎక్కడా సందు లేదు.” ఆవిడ గొంతులో నిజమైన బాధ ఉంది. “యంత్రం మాటే తుదిమాట అన్నారు. రమ్మన్నవాళ్ళు వచ్చారు, పొమ్మన్నవాళ్ళు పోయారు. అందరూ ఆజ్ఞ పాటించారు కాబట్టి అందరికీ హాజరు వేయాల్సిందే. ఇంట్లో పడుకున్నవాళ్ళకి కూడా.”

“మరి నాకు మేడం?”

“మీకు నాలుగో అంశం.”

ఆఫీసుకి అందరికంటే ముందొచ్చిన మనిషి ఒక్కడే ఆ రోజు రాలేదని తేలింది. జ్ఞాపిక మళ్ళీ ఎర్రగుడ్డ కప్పుకుని కారెక్కింది. అది కనుమరుగయ్యేదాకా ఆయన మెట్ల మీద నిలబడ్డాడు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. స్టోర్ కీపరు వచ్చి పక్కన నిలబడ్డాడు. పాతికేళ్ళలో ఆ ఆఫీసులో ఒక మనిషి ఆయన పక్కన ఊరికే నిలబడడం అదే మొదలు.

ఫోను మోగింది. భార్య.

“కట్టు విప్పలేదు కదా?”

“విప్పాను.”

“ఇంటికి రండి. నేను సెలవు పెట్టి వస్తున్నా, మళ్ళీ కడతాను. అన్నం తిన్నారా?”

గైర్హాజరు పడ్డ రోజుకి సెలవు దరఖాస్తు తప్పనిసరి. ఆ దరఖాస్తు ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ చూడలేదు. స్టోర్ కీపరే బీరువాలోంచి ఒకటి వెతికి తీసి, దుమ్ము దులిపి, తన దస్తూరీతో ఖాళీలన్నీ నింపిపెట్టాడు. సంతకం దగ్గర కలం ఆయన వేళ్ళలో నిలవలేదు. ఫర్వాలేదు సార్, దీనికీ ఏదో మార్గం రాసే ఉంటారు అని స్టోర్ కీపరు ధైర్యం చెప్పి, అడుగున ఉన్న చిన్న అక్షరాలు పైకి చదివాడు:

“సంతకం చేయలేనివారు కుడి బొటనవేలి ముద్ర వేయవచ్చును.”