అట్లాంటిక్ దిక్కుగా పన్నెండు అడుగులు

స్వస్తిశ్రీ విజయనామ సంవత్సరమున, మాఘమాసమున, ఆదోని తాలూకా బళ్లారి జిల్లా చేయి విడిచి కర్నూలు జిల్లా చేయి పట్టుకొని నాలుగు నెలలు నిండిన దినములలో, నల్లరేగడి నేలలు పత్తి కోత ముగించుకొని ఊపిరి పీల్చుకొను వేళ, వేయి మగ్గముల చప్పుడే నగారాగా గల ఎమ్మిగనూరు పురమున, నేతగాండ్ర వీధిలో జరిగిన మహాప్రస్థానమును చెప్పబోవుచున్నాను. ఓ వీధిగడపల దేవతా! సాగిపోవువారి మడమలలోను సాగనంపువారి కన్నులలోను ఒక్కమారే కాపురముండు తల్లీ! నా చేయి వణకనీయకుము. ఏనుగులు గుఱ్ఱములు లేని దండయాత్ర ఇది. ఇందు ఒక మూట, ఒక వీధి, రెండు తుమ్ములు మాత్రమే గలవు.

ఆ వీధిలో భాగ్యమ్మ యను వీరనారి గలదు. రాట్నమే చక్రాయుధముగా, కండెలే అమ్ములపొదిగా అరువది యేండ్లు నిండిన ఆ ధీర, బడి గడప తొక్కకయే, అంగడి పొట్లముల కాగితములపై దండెత్తి, యాబదియారు అక్షరములను ఒక్కొక్కటిగా చెరపట్టినది. కాని ఆమె హృదయమున మానని గాయమొకటి కలదు. పుట్టిన వీధిలోనే మెట్టినది గనుక, పుట్టినది మొదలు ఆమె అందరిని సాగనంపినదేగాని, ఆమెను సాగనంపినవారు లేరు. ఆదోని స్టేషనులో బొంబాయి బండికి ఎందరిని ఎక్కించినదో, ఎన్నిమార్లు బండి తోక కనబడునంతవరకు కొంగు ఊపినదో లెక్క లేదు. ఒక్కమారైనా తాను ముందు నడువగా, వెనుకనుండి ఎవరైనా “పోయిరా” అనవలె. అంతకుమించి ఆమె ఏ దేవుని ఏమియు అడిగియెరుగదు.

ఇట్లుండగా ఒకనాడు ఇంగువ పొట్లము విప్పుచుండ, ఎవరో యాత్రికుడు వ్రాసిన పుట యొకటి ఆమె చేత చిక్కెను. “అట్లాంటిక్ మహాసముద్రపు ఒడ్డున ఆ ఇసుకతీరము మైళ్ల పొడుగున నిర్మానుష్యము. అంగళ్లు లేవు. రేవు లేదు, ఏ ఓడయు ఆగదు. అలల సవ్వడి తప్ప...” అంతటితో కాగితము చినిగిపోయెను. ఏ దేశమో ఆ చినుగులోనే పోయెను. భాగ్యమ్మ దానిని ఏడుమార్లు చదివెను. రేవు లేనిచోట ఎవ్వరును ఓడ ఎక్కరు. ఎవ్వరును ఎక్కనిచోట ఒడ్డున నిలిచి కొంగు ఊపవలసినవారు ఉండరు. భూమండలమున వీడ్కోలు లేని చోటు ఒకటి ఉన్నదనియు, అది ఇంగువ వాసన వేయుననియు ఆమెకు ఆనాడే తెలిసెను.

వెంటనే యుద్ధమంత్రాంగము మొదలయ్యెను. ఆమె భర్త ఉరుకుందప్ప మగ్గపు గుంటలో మోకాళ్లవరకు దిగి, రథములో కూర్చున్న మహారథునివలె, పేక పోగు మోయు నాడెను విసరుచుండెను. ఆమె గంభీర కంఠమున ఇట్లు ఘోషించెను.

“ఏందయ్యా, మనం అట్లాంటిక్కుకు పోవల్ల.”

“యాడ ఉండాది అది? కౌతాళం దావలోనా?”

“కౌతాళం గాదు. బొంబాయి దాటినాక ఒక సముద్రం. దాని ఎనక ఇంగొకటి. అది.”

“ఒక సముద్రం సాలదా నీకు?”

“ముందు దాంట్లో ఓడలు ఆగుతాయి. దీంట్లో ఆగవు. కాగితంలో రాసినాడు.”

అప్పుడు ఉరుకుందప్ప నాడెను నిలిపి, అరువదియైదేండ్ల తపస్సు ధారపోసి, బ్రహ్మాస్త్రమువంటి ప్రశ్నను సంధించెను.

“ఓడ ఆగకుంటే నువ్వెట్ల దిగుతావే?”

మూడు లోకములు ఒక్క క్షణము స్తంభించెను. రాట్నము మాత్రము ఆగలేదు.

“ఆ సంగతి ఆడికి పోయినాక సూస్తాం. రొట్టెలు ఎన్ని కాల్సల్లో అది సెప్పు.”

బ్రహ్మాస్త్రము చల్లబడి మగ్గపు గుంటలో పడెను. నలువది జొన్నరొట్టెలు, సీసాడు ఎండుమిరప కారము, రెండు దుప్పట్లు, చలికి ఒక గొంగడి, ఆ కాగితపు ముక్క, దానితోకూడ గుడ్డతో మూతి కట్టిన రాగిచెంబెడు తుంగభద్ర నీరు మూటలో చేర్చుటకు నిశ్చయమయ్యెను. చెంబును చూచి ఉరుకుందప్ప మరల విల్లెక్కుపెట్టెను.

“సముద్రం కాడికి నీళ్లు మోసకపోతావా? జనం నవ్వుతారే.”

“ఆడ జనం లేరు.”

అంతటితో అతడు ఆయుధములు క్రింద పెట్టెను.

అయినను విఘ్నమొకటి పర్వతమువలె అడ్డు నిలిచెను. మగ్గముపై ఎనిమిది చీరల పడుగు ఎక్కియున్నది. అది ముగియక నేతగాడు ఊరు విడువరాదు. పంచాంగము చూచిన అయ్యవారో, రాబోవు సోమవారము పడమటి పయనమునకు దివ్యమైనదనియు, ఏడున్నరకు రాహుకాలము చొచ్చుననియు, మరల అంతటి ఘడియ ఉగాది దాటినగాని లేదనియు చెప్పెను. అట్టి సంకటమున మన పెద్దలు ఏర్పరచిన యుపాయమే ప్రస్థానము. మనిషి కదలలేనప్పుడు, మంచి ఘడియలో మూటను పోవలసిన దిక్కున మరియొకరి ఇంట ఉంచినచో పయనము మొదలైనట్లే లెక్క. గడప దాటిన మూట మరల వెనుకకు రారాదు. వచ్చెనా, పయనము చచ్చినట్లే.

“తూర్పున సుంకన్న ఇల్లు ఉండాది. మంచోడు. ఆడ పెడదాం,” అనెను ఉరుకుందప్ప.

“సోమారం తూర్పుకు శూల. అయినా తూర్పున పెడితే మద్రాసుకు పోతాం. అట్లాంటిక్కు పడమర.”

పడమట వీధికి ఆవల, సరిగా పన్నెండు అడుగుల దూరమున నున్నది ఈరమ్మ ఇల్లు. ఆ ఇల్లు తలపునకు రాగానే ఉరుకుందప్ప తెగని పోగును ముడివేయసాగెను.

ఏలయన, భాగ్యమ్మయు ఈరమ్మయు ఒకప్పుడు ఒక పొయ్యి నిప్పుతో రెండు ఇండ్ల వంట వండినవారు. తెల్లవారగానే ఎవరి పొయ్యి ముందు రాజుకొన్న వారింటినుండి రెండవవారు పిడకపై నిప్పు తెచ్చుకొనెడివారు. పదకొండేండ్ల క్రిందట ఒక తెల్లవారుజామున భాగ్యమ్మ నిప్పునకై పిడక పట్టుకొనిపోగా, ఆ తలుపున తాళము వ్రేలాడుచుండెను. ఈరమ్మ మగనితో షోలాపురము మిల్లు పనికి పోయినది. చెప్పలేదు. భాగ్యమ్మ ఆ పిడకను చేతబట్టుకొని ఎండ ముదురువరకు ఆ తాళము నెదుటనే నిలిచెను. రెండేండ్లకు ఈరమ్మ తిరిగివచ్చినది, మగడు చనిపోగా ఒంటరిగా. భాగ్యమ్మ పలుకలేదు. ఈరమ్మయు పలుకలేదు. పన్నెండు అడుగుల ఆ రణభూమిలో తొమ్మిదేండ్లు ఒక్క మాటైన రాలలేదు. లోకమున ఎన్ని సముద్రములున్నను, దాటుటకు అంత కష్టమైనది మరియొకటి లేదు.

సోమవారము ఉదయించెను. భాగ్యమ్మ తలస్నానము చేసి, నుదుట రూపాయంత కుంకుమ పెట్టి, మూటను నెత్తిన కిరీటమువలె ధరించి గడప నిలిచెను. గడియారము లేని ఆ యింట కాలయముడు ఆదోని బస్సే. బస్టాండులో దాని హారను మ్రోగెనా, ఏడున్నర.

అప్పుడు శత్రుదుర్గము కనబడెను. పక్కింటి అరుగుపై వేపపుల్ల నోట నుంచుకొని కాశప్ప కూర్చుండియుండెను. ఇతడు ఆ వీధికి స్వయముగా వెలసిన ప్రశ్నాసురుడు. ముప్పది యేండ్లుగా గడప దాటిన ప్రతి ప్రాణిని, మేకలతో సహా, “యాడికి?” అని అడుగుటయే వృత్తిగా గలవాడు. పయనమై పోవువారిని ఆ మాట అడిగినచో పయనము చెడును. అతడు పుల్లను నోటినుండి తీయుచుండెను. పుల్లను తీయుట అతనికి బాణమును తీయుటయే.

ఉరుకుందప్ప సింహమువలె వీధిలోనికి దూకెను. దూకి, సృష్టి మొదలు ఎవ్వరును కాశప్పను అడుగని ప్రశ్నను అడిగెను.

“ఏం కాశప్పా, నువ్వు యాడికి?”

కాశప్ప చేతిలోని పుల్ల గాలిలోనే నిలిచెను.

“నేనా?” అనెను. “నేను యాడికి పోతానన్నా? ...నందవరం పోవల్లనుకుంటి, పోయినేడు. సెల్లెలుండాది ఆడ. పోకపోతి. ఎవురూ అడగలేదు గదా, నేనూ మర్సిపోతి.”

అతడు తన జీవితమును తరచి చూచుకొనుచుండగా భాగ్యమ్మ వీధిలోనికి అడుగిడెను. ఒకటవ అడుగున దుమ్ము లేచెను. రెండవ అడుగున కోడి తప్పుకొనెను. మూడు, నాలుగు, అయిదు. ఎదుట ఈరమ్మ తలుపు ఒక వ్రేలి సందున తెరచియుండెను. ఆ సందులో ఒక కన్ను. ఆరవ అడుగు వేసినది.

“హాచ్!”

అయ్యో, ఉరుకుందప్పా! తెల్లవారినది మొదలు నశ్యము ముట్టనని ఒట్టు పెట్టుకొన్నవాడే, నలువదేండ్లుగా ముక్కున దాగియున్న పత్తినుసికి ఒట్టు లేదని మరచెను. ఒక్క తుమ్ము పయనమునకు సంకెల. రెండవ తుమ్ము పడినగాని ఆ సంకెల తెగదు. ముందుకు పోయినచో కీడు. వెనుకకు పోయినచో మూట ఇల్లు చేరి పయనము చచ్చును. నలువది రొట్టెలు నెత్తిన పెట్టుకొని భాగ్యమ్మ నడివీధిలో విగ్రహమై నిలిచెను.

“ఇంగొకటి తుమ్మయ్యా!”

“రావడం లేదే!”

ఉరుకుందప్ప రొండిన దోపిన నశ్యపు డబ్బీని తెరచెను. ఖాళీ. సూర్యుని వంక ముక్కెత్తి చూచెను. గరికపోచతో ముక్కున పోరాడెను. పిలువని వేళ వచ్చు తుమ్ము, పిలిచిన వేళ రాలేదు. దూరమున బస్సు ఇంజను గురగురలాడెను. కాశప్ప నందవరపు తలపులనుండి తేరుకొని ఆమె వైపు తిరిగి నోరు తెరచెను. భాగ్యమ్మ కనులు మూసికొనెను. ఈ ఊరినుండి పోవుట నా నొసట వ్రాయలేదు కాబోలు ననుకొనెను.

“హా...చ్చ్!”

ఆ తుమ్ము ఉరుకుందప్పది కాదు, కాశప్పది కాదు. పడమట, తలుపు సందునుండి, శంఖారావమువలె వెలువడెను. తొమ్మిదేండ్లలో ఆ యింటినుండి ఈ యింటికి వచ్చిన మొదటి శబ్దము అదియే.

సంకెల తెగెను. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు అడుగులు వాయువేగమున సాగెను. తలుపు దానంతట అదే తెరచుకొనెను. పన్నెండవ అడుగున మూట ఈరమ్మ గడప దాటి నేలను తాకెను. అదే క్షణమున ఆదోని బస్సు హారను దిక్కులు పిక్కటిల్ల మ్రోగెను.

లోపల ఈరమ్మ ముక్కు ఎఱ్ఱగా, కన్నుల నీరు కారుచు నిలిచియుండెను. ఆమె చేతిలో కారపు గిన్నె.

“పడిశమా?” అనెను భాగ్యమ్మ.

“పడిశం లేదు, ఏమీ లేదు. మిరప్పొడి పీల్చితి.”

“ఏమిటికి?”

“నడివీదిలో నిలబడితివి గదక్కా. ఇంగేం సేయల్ల?”

ఈరమ్మ గిన్నెను గూట పెట్టెను.

“షోలాపూరుకు పోతా నాకు సెప్పకపోతివి,” అనెను భాగ్యమ్మ.

“సెప్పింటే నువ్వు ఏడుస్తుంటివి. నువ్వు ఏడిస్తే నేను బండెక్కుతుంటినా?”

భాగ్యమ్మ మూట ముడిని సవరించి, “ఇప్పుడు నేను పోతాండా,” అనెను.

“యాడికి?”

మూట నేలను తాకినది గనుక ఆ ప్రశ్నకు ఇక విషము లేదు.

“అట్లాంటిక్కుకు. శానా దూరం. ఆడ మనుసులే ఉండరు.”

ఈరమ్మ ముక్కు తుడుచుకొని ఆలోచించెను.

“మనుసులు లేకుంటే తెల్లార్తే అగ్గి యాడ తెచ్చుకుంటావు?”

బొంబాయి ఆవలి రెండు సముద్రములను, ఏ దేశమో తెలియని చినుగును, ఓడ ఆగని ఒడ్డును లక్ష్యపెట్టని ఆ మహావ్యూహమున ఇంత పెద్ద కంత ఉన్నదని అప్పుడుగాని తెలియలేదు. భాగ్యమ్మ ఈరమ్మ పొయ్యి వంక చూచెను.

“పడుగు అయ్యేవరకు టైముండాది. ఆలోసన జేస్తాం,” అనెను ఈరమ్మ. “మూట ఈడ ఉండనీ. నువ్వు పోయిరా అక్కా.”

పోయిరా. చదువరులారా, ఆ మూడు పొడి అక్షరములకు అరువది యేండ్లు పట్టెను. భాగ్యమ్మ కదలక, “ఏమంటివి?” అనెను. ఈరమ్మ మరల అనెను. అని, ఊరక అనలేదు. సాగనంపుట యనగా సాగనంపుటయే గనుక, ఆమె వెంట వీధిలోనికి దిగి, పన్నెండు అడుగులు నడచి, భాగ్యమ్మను ఆమె గడపవరకు సాగనంపెను.

గడప చేరగానే భాగ్యమ్మకు దిగులు పట్టెను. “నిన్ను ఒంటిగా ఎట్ల పంపుదు?” అని మరల ఈరమ్మను ఆమె ఇంటివరకు సాగనంపెను. అచట ఈరమ్మకు మనసొప్పక మరల ఈవలికి వచ్చెను. ఇట్లు రాహుకాలమెల్ల ఆ ఇరువురును ఒకరినొకరు సాగనంపుకొనుచు, పోయిరా అనుచు, పోయొస్తా అనుచు, ఆ వీధిని ఎన్ని మార్లు దాటిరో ఉరుకుందప్ప కొంతవరకు లెక్కపెట్టి మగ్గములోనికి దిగిపోయెను. కోడి ఇక తప్పుకొనుట మానుకొనెను. తుదకు కాశప్ప తాళలేక పుల్లను తీసి అడుగనే అడిగెను.

“ఏం బాగ్యమ్మా, పొద్దున్నించీ యాడికి?”

ఆమె నిలిచి, వెనుకకు తిరిగి, ఈరమ్మ ఇంకను గడపలో కొంగు ఊపుచున్నదని చూచుకొని పలికెను.

“ఈడికే కాశప్పా, ఈడికే.”

ఇట్లు విజయనామ సంవత్సరమున ఎమ్మిగనూరు నేతగాండ్ర వీధిలో భాగ్యమ్మ అట్లాంటిక్ మహాసముద్రమును పన్నెండు అడుగులు దగ్గరకు లాగెను. రొట్టెలు ఎండకముందే మూడవనాడు ఈరమ్మ పొయ్యికడ నలుగురును కూర్చుండి తినిరి. నాలుగవవాడు కాశప్ప, మరునాడు నందవరము బస్సెక్కినవాడు. చెంబులోని తుంగభద్ర నీరును త్రాగిరి. మూట మాత్రము కదలలేదు. వెనుకకు రాలేదు గనుక పయనము ఇంకను సాగుచున్నట్లే లెక్క. ఎనిమిది చీరల పడుగు ముగియగానే వేరొక పడుగు ఎక్కెను. ఆవల, ఏ దేశమో తెలియని ఆ ఒడ్డున, ఎవ్వరి కాలును పడక, ఎవ్వరి రొట్టె ముక్కయు రాలక, నిశ్శబ్దముగా, నిర్మలముగా ఉన్నది ఆ ఇసుకతీరము. దానిని అట్లే నిలిపిన కీర్తియు ఈ వీరనారిదే. జయము! జయము!