నాబ్ కోసం వెళ్ళి వంటగది కొన్న వైనం

ఖరీదైన వంటింటి యంత్రాలు కొన్న ఇళ్ళలో వంట తగ్గిపోతోందని ఈ మధ్య కొందరు ఆవేదన చెందుతున్నారు. వారి వాదనలో పస లేదు. తగ్గిపోవడమేమిటి? పూర్తిగా ఆగిపోతుంది! ఆ యంత్రాల గొప్పతనమంతా అందులోనే ఉంది.

ఆలోచించండి. వంట తప్పించుకోవడం కోసం మనుషులు ఎన్ని అగచాట్లు పడ్డారు! కొందరు యుద్ధాలకు వెళ్ళారు. కొందరు సన్యాసం పుచ్చుకున్నారు. కొందరైతే ఏకంగా పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ఇంత శ్రమ దేనికి? షోరూముకు వెళ్ళి మంచి ఓవెన్ ఒకటి ఎంచుకుంటే సరిపోయేది కదా!

ఊరికే అనడం లేదు. జీవితమంతా తరగతి గదిలో తర్కశాస్త్రం చెప్పినదాన్ని. కారణం చూపకుండా కార్యం గురించి మాట్లాడటం నాకు చేతకాదు. కాబట్టి మా ఇంటినే ఉదాహరణగా మీ ముందు పెడతాను. ఈ కథకు మూలకారణం ఒక నాబ్.

మా పాత గ్యాస్ స్టవ్‌కు కుడివైపు నాబ్ విరిగింది. విరిగిన చోట ఒక ఇనుప పుల్ల మిగిలింది. పనిముట్ల డబ్బాలోని కటింగ్ ప్లేయర్‌తో ఆ పుల్లను తిప్పితే మంట వచ్చేది, ఇంకొంచెం తిప్పితే సన్నగిల్లేది. నాకు ఏ ఇబ్బందీ లేదు. మా అబ్బాయికి మాత్రం తల కొట్టేసినట్టయింది.

"ప్లేయర్‌తో స్టవ్ వెలిగించడమేంటమ్మా, ఎవరైనా చూస్తే నవ్విపోతారు. ఆఫీసు నుంచి వస్తూ ఓ నాబ్ పట్టుకొస్తాలే" అని వెళ్ళాడు.

వచ్చాడు. చేతిలో నాబ్ లేదు. అయస్కాంతం ఉంది.

జరిగిందేమిటంటే, షోరూములోని సేల్స్ కుర్రవాడు నాబ్ మాట వినగానే జాలిగా నవ్వాడట. "ఆ మోడల్ రావడం ఎప్పుడో ఆగిపోయింది సార్. అయినా ఈ రోజుల్లో నాబ్ తిప్పేదెవరు సార్?" అన్నాడట. మా అబ్బాయి మొదటినుంచీ సున్నితమైన మనిషి. నాబ్ తిప్పే వంశంలో పుట్టినందుకు అక్కడికక్కడే సిగ్గుపడి, వేలు ఆనిస్తే వేడెక్కే ఇండక్షన్ పొయ్యికి అడ్వాన్సు కట్టేశాడు.

ఆ పొయ్యికి ఒక నియమం ఉంది. అయస్కాంతం అంటుకునే గిన్నెతో మాత్రమే అది సంబంధం కలుపుకుంటుంది. అందుకని మా అబ్బాయి, డాక్టరు స్టెతస్కోపు పట్టుకున్నట్టు అయస్కాంతం పట్టుకుని, ఇల్లంతా కలియదిరిగాడు. ఇత్తడి గిన్నె తప్పింది. అల్యూమినియం బాణలి తప్పింది. కుక్కరు అన్ని వైపుల నుంచీ తప్పింది. మా ఇంట్లో ఆ పరీక్ష నెగ్గినది ఒక్కటే: నా ఇనుప మంచం.

"అయితే ఇకనుంచి నా మంచం మీద వండుకోండిరా" అన్నాను.

"జోకులు కాదమ్మా" అని కొత్త గిన్నెలు కొన్నాడు.

ఇక్కడినుంచి కార్యకారణాలు ఎంత చక్కగా ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడిచాయో గమనించండి! కొత్త గిన్నెలు పాత అలమరలో పట్టలేదు కనుక, మెత్తగా మూసుకునే సొరుగులు వచ్చాయి. సొరుగుల మధ్య ఖాళీ మిగిలింది కనుక, దాన్ని పూడ్చడానికి ఓవెన్ వచ్చింది. ఓవెన్ పక్కన పాత ఫ్రిజ్ పనిమనిషిలా కనిపిస్తోంది కనుక, కొత్త ఫ్రిజ్ వచ్చింది. పొయ్యి, ఓవెన్, ఫ్రిజ్ అన్నీ నల్లటి అద్దంలా మెరుస్తుంటే గోడ వెలవెలబోతోంది కనుక, గోడ పోయింది.

చూశారా, నాబ్ ఒక్కటి దొరికి ఉంటే మేము ఎంత అభివృద్ధి కోల్పోయేవాళ్ళమో!

ముందుగా ఫ్రిజ్ గురించి చెప్పాలి. దాని కడుపులో కెమెరా ఉంది. లోపల ఏమున్నదో మా అబ్బాయి ఆఫీసులో కూర్చుని ఫోనులో చూసుకోవచ్చు. నేను మధ్యాహ్నం జున్నుముక్క ఒకటి తీసుకుంటే, నోట్లో పెట్టుకునే లోపల ఫోను మోగుతుంది.

"అమ్మా, ఇప్పుడేమైనా తీశావా?"

"తీశాను నాయనా."

"తలుపు సరిగ్గా పడలేదు. ఓసారి నెట్టు."

కన్నకొడుకు ఫోను చెయ్యడం లేదని బెంగపెట్టుకున్న తల్లులారా! దేవుళ్ళకు మొక్కకండి, కోడళ్ళను ఆడిపోసుకోకండి. కెమెరా ఉన్న ఫ్రిజ్ కొనిపించుకుని తలుపు కొంచెం ఓరగా వదిలెయ్యండి!

ఓవెన్ సంగతి ఇంకా ఘనమైనది. దానికి ఆవిరితో ఉడికించడం వచ్చు, గాలితో వేయించడం వచ్చు, వండుతున్న పదార్థంలో గుచ్చి లోపలి వేడి తెలుసుకోవడానికి సూదిలాంటి థర్మామీటరు కూడా ఉంది. ఒక ఆదివారం మా అబ్బాయి దానితో తొలి వంట తలపెట్టాడు. గుడ్డు ఉడకబెట్టడం.

ఓవెన్ ముందు భాష అడిగింది. తర్వాత సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉన్నామని అడిగింది. గుడ్డు బరువు అడిగింది. ఇంట్లో ఎవరికీ గుడ్డు బరువు తెలియదు. ఇంతకాలం బరువు తెలియకుండా గుడ్లు తింటూ బతికిన కుటుంబం మాది! మనవరాలు పరుగెత్తి తన గదిలో ఉన్న కాలేజీ ల్యాబు త్రాసు తెచ్చింది. బరువు చెప్పాక, థర్మామీటరు గుచ్చమంది. గుచ్చితే ఏమవుతుందో గుడ్డుకు తెలుసు, మాకు తెలియలేదు. పొద్దున్న మొదలుపెట్టిన పని ఎండెక్కేదాకా సాగింది. చివరికి సగం కారిపోగా మిగిలిన గుడ్డును నలుగురం పంచుకుని, ఇంత సమంగా ఉడికిన గుడ్డును మునుపెన్నడూ తినలేదని ఒకరికొకరం చెప్పుకున్నాం. ఆకలి సంగతి అంటారా? ఎదురుచూసి ఎదురుచూసి అదే విసిగి వెళ్ళిపోయింది. ఇంతకంటే ఆరోగ్యకరమైన వంట ఇంకేముంటుంది?

అయితే మనుషులన్నాక ఏదో ఒకటి తినాలి. ఇక్కడ మా కోడలి ముందుచూపు మెచ్చుకోవాలి. ఆ అమ్మాయి ఆడిటర్. లెక్కల్లో ఎక్కడ చిన్న మరక ఉన్నా పట్టేస్తుంది. కొత్త పొయ్యి పైన చిమ్నీ బిగించిన రోజునే నన్ను పక్కకు పిలిచింది.

"అత్తయ్యా, ఇక్కడ వేపుళ్ళు చేస్తే చిమ్నీకి జిడ్డు పట్టేస్తుంది. పాత స్టవ్‌ని వెనక వరండాలో పెట్టిస్తాను. పొగొచ్చే పనులన్నీ అక్కడ చేసుకుందాం."

పొగ పీల్చడానికి కొన్న చిమ్నీకి పొగ తగలకూడదు. ఇది తర్కానికి అందకపోవచ్చు, ప్రేమకు అందుతుంది. చంటిబిడ్డను ఎండలోకి పంపుతామా? ఆ తర్వాత ఒకటొకటిగా పొయ్యికి మరకలవుతాయని కూర, ఓవెన్ వాసన వేస్తుందని రొట్టె, సింకు గీసుకుపోతుందని గిన్నెలు కడగడం, అన్నీ వరండాలోకి నడిచాయి. వాషింగ్ మెషీన్‌కూ బకెట్లకూ నడుమ, కటింగ్ ప్లేయర్‌తో తిరిగే పాత స్టవ్ మీద, ఇల్లంతటికీ వంట జరిగేది. లోపల కొత్త వంటగది రాణివాసంలా తళతళలాడుతూ ఉండేది.

మా ఆడపడుచు చూడటానికి వచ్చింది. ఆమె నోటికి ఇంతవరకు ఏ కంపెనీవారూ మూత తయారుచెయ్యలేదు. సొరుగులన్నీ లాగి చూసి, ఓవెన్ అద్దంలో జుట్టు సవరించుకుని, కుర్చీలో కూలబడింది.

"నీ వంటిల్లు చూస్తే కళ్ళు నిండిపోయాయి వదినా. ఇంక కడుపులోకి ఏమైనా పెట్టించు."

మా అబ్బాయి ఉత్సాహంగా ఓవెన్ వెలిగించాడు. అది వేడెక్కుతున్నట్టు ఒక ఎర్రగీత పాకడం మొదలుపెట్టింది.

"ఒరేయ్, ఈ గీత అటు చేరేలోపు నేను ఇంటికెళ్ళి, వండుకుని, తిని, ఓ కునుకు తీసి రానా?"

"కొంచెం ఓపిక పట్టత్తా. ఇది సెన్సర్ టెక్నాలజీ."

"అలాగా! నా ఆకలి పాత టెక్నాలజీ నాయనా, ఆగదు" అని ఆమె నేరుగా వరండాలోకి నడిచి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, మూకుడులోంచే తినడం మొదలుపెట్టింది.

మా అబ్బాయి ముఖం మాడిపోయింది. ఆమె వెళ్ళాక గట్టి నిర్ణయమే చేశాడు. "ఆ పాత స్టవ్ ఉన్నంతకాలం ఈ ఇంట్లో ఎవ్వరూ కొత్తవి ముట్టుకోరు. ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ ఉంది. నెలాఖరు శనివారం షోరూమ్ వాళ్ళు వచ్చి పట్టుకెళ్ళిపోతారు."

అభివృద్ధికి అడ్డుపడే స్వభావం కాదు నాది. పైగా ఆ వారంలోనే యంత్రాలన్నిటికీ తలమానికం వంటిది ఇంట్లోకి వచ్చింది: టీ యంత్రం.

దాని సుగుణాలు ఏమని వర్ణించను! అది ఇంట్లో ప్రతి ఒక్కరినీ విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. తెరపై మా అబ్బాయి బొమ్మ మీద వేలు పెడితే చిక్కటి టీ, కోడలి బొమ్మ మీద పెడితే చక్కెర లేనిది, మనవరాలికి ఏదో ఆకుల నీళ్ళు. ఒక్కొక్క కప్పు, ఒక్కొక్కసారి. ఎవరి కప్పు వారు పట్టుకుని ఎవరి గదిలోకి వారు వెళ్ళిపోవచ్చు.

అంతకుముందు సాయంకాలాలు ఎంత అనాగరికంగా ఉండేవో మీకు తెలియదు. అందరికీ కలిపి ఒకే గిన్నెలో టీ మరిగేది. అది పొంగే లోపల నలుగురం స్టవ్ చుట్టూ మూగేవాళ్ళం. చక్కెర ఎక్కువని ఒకరు, పాలు తక్కువని ఒకరు. మా కోడలు తన పై అధికారి తుమ్మే పద్ధతిని అనుకరించి చూపేది. మా అబ్బాయి నవ్వు ఆపుకోలేక టీ ముక్కులోంచి కార్చుకునేవాడు. మనవరాలు ఎవరితోనూ చెప్పని సంగతులు ఆ గిన్నె పొంగే లోపల చెప్పేసేది. ఎంత గోల! ఎంత కాలహరణం!

యంత్రం వచ్చాక ఆ బాధ తప్పింది. సాయంత్రం ఐదింటికి ఇల్లు గ్రంథాలయంలా ఉండేది. నా కప్పు పట్టుకుని నేనూ నా గదిలో కూర్చునేదాన్ని. టీ ఎప్పుడూ ఒకే వేడిలో, ఒకే రుచిలో ఉండేది. వంక పెట్టడానికి ఏమీ లేదు. పెట్టినా వినడానికి ఎవరూ లేరు.

ఇంతలో ఒక సాయంత్రం ఆ యంత్రం ఎర్రదీపం వెలిగించి, తనను తాను శుభ్రపరచుకుంటున్నానని ప్రకటించింది. ఒకసారి శుభ్రత మొదలుపెట్టిందంటే చాలాసేపటి దాకా ఎవరినీ దగ్గరకు రానివ్వదు. నలుగురం ఖాళీ కప్పులతో కాసేపు దాని ముందు నిలబడ్డాం. తర్వాత ఏం చేస్తాం? నేను వరండాలోకి వెళ్ళి ప్లేయర్ అందుకున్నాను. టీ మరిగే వాసనకు ముందు మనవరాలు వచ్చింది, తర్వాత కోడలు వచ్చింది. మా అబ్బాయి వచ్చి వాషింగ్ మెషీన్ మీదెక్కి కూర్చున్నాడు. పై అధికారికి ఈ మధ్య జలుబు చేసిందట. ఆ తుమ్ము ముందుకంటే బాగా కుదిరింది.

తర్కశాస్త్రంలో మొదటి పాఠమే ఇది: కారణం కంటపడ్డాక, కార్యం మళ్ళీ సంభవించడం పెద్ద విశేషం కాదు.

మర్నాడు సరిగ్గా ఐదింటికి యంత్రం మళ్ళీ శుభ్రపడటం మొదలుపెట్టింది. ఆ మర్నాడూ అంతే. మా అబ్బాయి ఆదరాబాదరాగా టెక్నీషియన్‌ను పిలిపించాడు. పాపం ఆయన యంత్రాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి, మళ్ళీ కూర్చి, తల గోక్కున్నాడు.

"లోపం ఏమీ కనిపించట్లేదు సార్. మరి రోజూ ఒకే టైముకి ఎందుకు మొదలవుతోందో..." అని సణిగాడు.

"ఇంట్లో ఎవరైనా ఏదైనా నొక్కుతున్నారేమో?" అని నా వైపు చూశాడు మా అబ్బాయి.

"యంత్రాల మీద చెయ్యి వేసే అలవాటు నాకుందా నాయనా?" అన్నాను.

మా కోడలు మాత్రం యంత్రం వైపు చూడలేదు. నా చేతుల వైపు చూసింది. చెప్పాను కదా, చిన్న మరక ఉన్నా ఆ కంట పడకుండా పోదు. కొక్కేనికి వేలాడుతున్న తువ్వాలు తీసి నాకు అందించింది.

"చేతులు తడిగా ఉన్నాయి అత్తయ్యా, తుడుచుకోండి" అంది. తర్వాత టెక్నీషియన్ వైపు తిరిగి, "మీకేమీ దొరకదు లెండి. ఇది సాఫ్ట్‌వేర్ సమస్య. నిదానంగా అదే సర్దుకుంటుంది. అందాకా పాత స్టవ్ ఉండక తప్పదు" అని తీర్పు చెప్పింది. ఆడిటర్ సంతకం పడ్డాక ఎదురు చెప్పేదెవరు?

నెలాఖరు శనివారం స్టవ్ తీసుకెళ్ళడానికి షోరూమ్ మనుషులు వచ్చారు. వచ్చేసరికి ఐదయింది. స్టవ్ మీద టీ మరుగుతోంది. వారు కూడా బకెట్లు బోర్లించుకుని కూర్చుని, తలా ఒక కప్పు తాగి, చక్కెర కొంచెం ఎక్కువైందని చెప్పి, ఉత్త చేతులతో వెళ్ళిపోయారు.

కాబట్టి పాఠకులారా, ఖరీదైన యంత్రాలు తప్పక కొనండి! సందేహించకండి. అయితే ఎంచుకునేటప్పుడు వాట్లూ రంగులూ గ్యారంటీలూ అడిగి సరిపెట్టుకోకండి. తనను తాను శుభ్రపరచుకునే బటన్ ఉన్నదో లేదో, ఉంటే ఎక్కడున్నదో అడిగి తెలుసుకోండి.

మా యంత్రానికి అది నీళ్ళ తొట్టి వెనక, కుడి చేతి వైపు, బాగా అడుగున ఉంటుందట. ఒకసారి నొక్కి వదిలేస్తే లాభం లేదట. ఎర్రదీపం వెలిగేదాకా గట్టిగా పట్టుకోవాలట. వేళ్ళు కొంచెం తడుస్తాయట.

నాకేం తెలుసు? ఎవరో అనుకుంటుంటే విన్నాను.