పెళ్లి బోటు హాజరు

ఆ సోమవారం దొరబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండుంబావుకి మేనల్లుడు గణేష్‌బాబు చేత తాళి కట్టించాలి. పన్నెండున్నరకి వియ్యాలవారికి పండుగప్ప చేపల పులుసుతో భోజనం పెట్టించాలి. తర్వాత ఒక కునుకు తీయాలి.

కొత్తమొగలో పెళ్లిళ్లన్నీ సముద్రంలో చేపల వేట నిషేధం రోజుల్లోనే జరుగుతాయి. ఏడాది మొత్తంలో పల్లెలోని మగవాళ్లంతా ఒకేసారి ఒడ్డున ఉండేది ఆ రెండు నెలలే. ఆ రోజుల్లో ఇళ్లు గడిచేది ప్రభుత్వం ఇచ్చే భృతితో. అది రావాలంటే బోటు రేవులో ఉండగా, దాని మీద పనిచేసే ఆరుగురినీ నిలబెట్టి అధికారులు ఫొటో తీసుకోవాలి. దొరబాబు బోటుకి ఆ ఫొటో గురువారం అన్నారు.

ఎనిమిదింటికి సచివాలయం ఫిషరీస్ అసిస్టెంట్ ఉషారాణి స్కూటీ దిగి, పందిట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"దొరబాబుగారూ, ఫొటో ఇవాళేనంటండి! మధ్యాహ్నం పన్నెండుకి యాప్ మూసేస్తారంట."

"గురువారం అన్నారు కదమ్మా!"

"నాకూ ఇందాకే తెలిసిందండి. మెసేజ్ మీద తేదీ మాత్రం పోయిన బుధవారం వేసి ఉంది."

ఫొటో పడకపోతే తనతో కలిపి ఆరు ఇళ్లకి భృతి పోతుంది. ఆ ఆరుగురిలో ఒకడు ప్రస్తుతం ఒళ్లంతా నలుగు పెట్టించుకుని పీట మీద కూర్చున్నాడు.

పందిట్లో ముందు వరసలో కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులకి మాత్రం ఉత్సాహం వచ్చింది. అప్పాజీది అధికార పార్టీ, పల్లంరాజుది ప్రతిపక్షం. మొన్నటి ఎన్నికలకు ముందు అటుది ఇటుగా ఉండేది. మాటలు మాత్రం అప్పుడూ ఇవే, కాకపోతే ఇతనివి అతను అనేవాడు.

"చూశారా! మెసేజ్ కూడా సరిగ్గా పంపలేని ప్రభుత్వం," అన్నాడు పల్లంరాజు.

"ఆ యాప్ మీ హయాంలో కొన్నదే కదండీ! మేం వచ్చాక భృతి పెంచాం, అది చెప్పండి," అన్నాడు అప్పాజీ.

"పెంచడం కాదండీ, చేతికి రావాలి!"

దొరబాబు ఇద్దరికీ దణ్ణం పెట్టి, పెళ్లికొడుకుని పీట మీదనుంచి లేపాడు.

బోటు పెరటి కాలువలోనే ఉంది. రంగులు వేయడానికి అక్కడికి తెచ్చారు. ఆరుగురూ ఎక్కారు. ఉషారాణి ఫోన్ ఎత్తి ఫొటో తీసింది. తెర మీద ఎర్రగా ఒక గీత కనబడింది.

"రేవుకి వంద మీటర్ల లోపలే ఉండాలంటోందండి."

రేవు కిలోమీటరు దూరంలో ఉంది. అప్పటికి తొమ్మిదిన్నర అయింది. "ఎంతసేపు, వెళ్లి వచ్చేద్దాం," అని దొరబాబు ఇంజన్ మీద చెయ్యి వేశాడు. ఈలోగా పెళ్లికూతురి తండ్రి గంగాధర్ గట్టు మీదకి వచ్చాడు.

"బావగారూ, నలుగు పెట్టిన పెళ్లికొడుకుని మా వైపు వాళ్లెవరూ లేకుండా నీళ్ల మీదకి పంపుతారా? మా ఇంటా వంటా లేదండి."

"అయితే మీరూ రండి, బావగారూ."

ఉషారాణి ఫోన్‌తో ఎక్కింది. గంగాధర్ ఎక్కాడు. తండ్రి వెళుతున్నాడని పెళ్లికూతురు శ్రీదుర్గ పట్టుచీర ఎత్తి పట్టుకుని ఎక్కింది. ఫొటోలో తను లేకపోతే రేపు పల్లంరాజు ఏం చెప్పుకుంటాడోనని అప్పాజీ ఎక్కాడు. అదే అనుమానంతో పల్లంరాజూ ఎక్కాడు. ముహూర్తానికి ఆలస్యం చేయవద్దని పురోహితుడు గట్టు మీదనుంచి అరిచాడు.

కాలువ దాటి గోదావరిలోకి వచ్చాక ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ట్యాంకులో డీజిల్ లేదు. నిషేధం రోజులు కదా అని దొరబాబు పోయించలేదు.

"డీజిల్ సబ్సిడీ ఇచ్చింది మా వాళ్లేనండి," అన్నాడు అప్పాజీ అలవాటుగా.

"ఇస్తే ట్యాంకులో ఉండాలి కదండీ!"

"మీరు పెట్టిన బకాయిలు తీర్చేసరికే మాకు..."

"ఊరుకోండి బాబూ!" అన్నాడు దొరబాబు. "ఆటు నీరు సముద్రం వైపు లాగేస్తోంది. ఇలాగే పోతే ఇంకో అరగంటలో సముద్రంలో ఉంటాం."

అన్నట్టుగానే బోటు రేవుని పక్కనుంచి చూస్తూ ముందుకి సాగిపోయింది. ఉషారాణి ఫోన్‌లో వంద మీటర్ల గుర్తు ఒక్క క్షణం పచ్చబడి, ఆమె బటన్ నొక్కేలోగా మళ్లీ ఎర్రబడింది. అందరూ కలిసి అరిచారు. ఆ అరుపులు విన్నది మెరైన్ పోలీసుల లాంచి ఒక్కటే.

ఎస్సై బోటు మీదకి దూకాడు. "వేట నిషేధం ఉందని తెలీదా? సముద్రంలోకి ఎందుకు వెళుతున్నారు?"

"వెళ్లట్లేదండి, బోటే తీసుకెళుతోంది," అన్నాడు దొరబాబు.

ఎస్సై నమ్మలేదు. నేరుగా బోటు అడుగున చేపలు దాచే ఐసు గది మూత ఎత్తాడు. పల్లెలో అంత ఐసు పట్టే చోటు ఇంకెక్కడా లేదు కనుక పెళ్లి చేపలన్నీ దాంట్లోనే ఉన్నాయి. నలభై కిలోల పండుగప్పలు మంచు మీద తళతళ మెరిశాయి.

"ఇవేంటి మరి? బోటు సీజ్. భృతి ఆరుగురికీ కట్."

దొరబాబు ఒక్క మాట చెబితే ఈ కేసు పోతుంది. కానీ ఆ మాట ఇక్కడ చెప్పాలి, గంగాధర్ ఎదురుగా. తమది తరతరాలుగా సముద్రం మీద బతికిన ఇల్లు. నిషేధానికి ముందు రోజు తనే స్వయంగా పట్టిన చేపలని వియ్యంకుడికి వారంరోజులుగా చెబుతూ వచ్చాడు.

మిగతా ఐదుగురి మొహాలూ ఒకసారి చూశాడు. తలదించుకున్నాడు.

"అవి సముద్రం చేపలు కావండి. భీమవరం అవతల చెరువు దగ్గర కొన్నాను."

గంగాధర్ గిరుక్కున తిరిగాడు. "చెరువు చేపలా, బావగారూ? పెళ్లికా?"

"చివరి వేటలో ఏమీ పడలేదండి. చెప్పుకోలేకపోయాను. ఉషారాణమ్మా, నువ్వే చూసి చెప్పమ్మా."

ఉషారాణి ఒక చేప పొట్ట కోసి ఎస్సైకి చూపించింది. "కొవ్వు చూడండి సార్. మేత వేసి పెంచినదే. సముద్రంలో ఈదేదానికి ఇంత పొట్ట ఉండదు."

ఎస్సై తన పొట్ట కొంచెం లోపలికి లాక్కుని, తల ఊపాడు.

గంగాధర్ మాత్రం ఇంకా ఉడుకుతూనే ఉన్నాడు. అప్పుడు శ్రీదుర్గ నోరు విప్పింది.

"నాన్నా, నిశ్చితార్థానికి మనం పెట్టినవి ఎక్కడివో నేను చెప్పనా, నువ్వు చెబుతావా?"

గంగాధర్ గోదావరి వైపు మొహం తిప్పుకున్నాడు. "అవి ఆకివీడు చెరువువి, బావగారూ," అన్నాడు మెల్లగా.

గణేష్‌బాబు పగలబడి నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. ఎస్సై లాంచి ఎక్కి తాడు వేయించి, బోటుని దాని వెనక కట్టించాడు. దారిలోనే పదకొండుంబావు అయింది. పురోహితుడు ఫోన్ స్పీకర్‌లో మంత్రాలు చదివాడు. దొరబాబు జేబులో దాచుకున్న తాళి అందిస్తే, గణేష్‌బాబు కట్టాడు. లాంచి సైరనే మేళమైంది.

పోలీసులు పట్టుకున్న బోట్లన్నిటినీ రేవుకే తెస్తారు. పన్నెండుకి పది నిమిషాల ముందు దొరబాబు బోటు సరిగ్గా యాప్ అడిగిన చోటే ఆగింది. గంగాధర్ చేపలన్నీ ఒక గోనెలో వేసి తనే భుజానికెత్తుకుని వంటవాళ్ల దగ్గరికి దిగిపోయాడు. మిగిలినవాళ్లు వరసగా నిలబడ్డారు. ఉషారాణి నొక్కింది. తెర పచ్చబడింది.

పులుసు బ్రహ్మాండంగా కుదిరింది. చెరువు చేపే మెత్తగా ఉంటుందని గంగాధర్ మూడోసారి వడ్డించుకుంటూ ఒప్పుకున్నాడు. దొరబాబు కునుకు సాయంత్రం ఆరింటిదాకా సాగింది.

పది రోజులకి సచివాలయం గోడ మీద భృతికి అర్హుల జాబితా అంటించారు. ఆరు పేర్లూ ఉన్నాయి. వాటి కింద ఇంకో మూడు ఉన్నాయి. బోటు మీద కనబడిన ప్రతి మొహాన్నీ యాప్ ఆధార్‌తో పోల్చి, సిబ్బందిగా రాసేసుకుంది. ఏడో పేరు శ్రీదుర్గది. ఆమె ఆ సాయంత్రమే వెళ్లి, తను వేటకి పోనని రాసిచ్చి కొట్టేయించుకుంది. ఎనిమిదోది అప్పాజీది, తొమ్మిదోది పల్లంరాజుది.

పాత ప్రభుత్వం లోపాల మీద ఒకరూ, కొత్త ప్రభుత్వం లోపాల మీద ఒకరూ రోజూ గంటకి తక్కువ కాకుండా మాట్లాడే ఆ ఇద్దరూ, ఈ లోపం మీద మాత్రం ఇంతవరకూ నోరు మెదపలేదు.