ఆశ్చర్య శాఖలో విశాలాక్షి

ఒక పెద్ద అడవిలో, మద్దిచెట్లు గుబురుగా పెరిగిన చోట, ఇంద్రజాల శిక్షణ మండలి అనే ఆఫీసు ఒకటి వెలిసింది. వెలిసిందంటే దానికి కారణం సింహం గారి సరదా. ఆయన పొరుగు అడవికి విందుకెళ్ళి, అక్కడొక ముంగిస తన చెవిలోంచి గుడ్డు తీయడం చూసి వచ్చాడు. వచ్చీ రాగానే ఆజ్ఞ జారీ చేశాడు.

"మన అడవిలో ప్రతి జంతువుకీ ఒక్క గారడీ అయినా వచ్చి తీరాలి. వానలు పడే ముందు నేనే వచ్చి చూస్తాను. రాకపోయిందో, మండలి రద్దు!"

మండలికి అధ్యక్షుడు అడవిపంది కోరల వెంకటాద్రి గారు. ఆయనకి తెలిసిన గారడీ ఒక్కటే, దుంప కనపడితే మాయం చేయడం. కార్యదర్శి తొండ. పేరు తలుపులయ్య. అధ్యక్షుడు ఏమన్నా తల ఊపుతూనే ఉంటాడు కాబట్టి అడవంతా తలూపులయ్య అని పిలిచేది.

పాఠం చెప్పేది మాత్రం కొండముచ్చు భీమేశం మాస్టారు. నల్లటి మొహం, నెరిసిన కనుబొమలు, పొడుగాటి వేళ్ళు. మూడు వెలగచిప్పలు బోర్లించి, ఒకదాని కింద ఉసిరికాయ పెట్టి, చూస్తుండగానే మాయం చేసేవాడు. తర్వాత ఏ వేలు ఎక్కడ మడవాలో, ఎప్పుడు కళ్ళు పక్కకి తిప్పాలో నిదానంగా చూపించేవాడు. ఆ పాఠాలని వీడియోలు తీసి ప్రతి పొదకీ పంపారు.

ఎవరూ చూడలేదు. మాస్టారి చెల్లెలు చూసింది గానీ, ఆవిడ కూడా మధ్యలో నిద్రపోయింది.

మాస్టారు పాఠం చెప్పే బండకి సరిగ్గా పైన, కొమ్మ మీద విశాలాక్షి కాపురం. ఆమె దేవాంగపిల్లి. పిడికెడు ఒళ్ళు, పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ, మొహంలో సగం కళ్ళే. ఆ జాతి పగలంతా పడుకుని పొద్దుగూకాక లేస్తుంది. పట్టపగలు కళ్ళు తెరిస్తే ఆమెకి లోకమంతా పాలు ఒలికినట్టు తెల్లగా ఉంటుందే తప్ప ఏమీ కనపడదు. మనిషి మాత్రం, అంటే జంతువు మాత్రం, చాలా స్థిమితం. పిడుగు పడినా "పడిందా?" అని పక్కకి తిరిగి పడుకునే రకం.

ఒకరోజు తలుపులయ్య "పాఠం మొదలు!" అంటూ డప్పు మోగించాడు. విశాలాక్షికి నిద్ర చెడింది. ఎవడ్రా ఈ గోల చేసేది అని కొమ్మ మీంచి తల కిందికి వేలాడేసింది. అదే సమయానికి మాస్టారు చిప్ప ఎత్తాడు. ఉసిరికాయ లేదు. వీడియోలో ఓ మూల మాస్టారి చెయ్యి పడింది, మిగతా అంతా విశాలాక్షి కళ్ళే.

ఆ వీడియోని అడవంతా చూసింది. చూసినవాళ్ళు పిలిచి మరీ పక్కవాళ్ళకి చూపించారు.

"అబ్బ! ఆ దేవాంగపిల్లి ఎంత ఆశ్చర్యపోయిందో చూశావా వదినా?"

"చూడకేం! మాస్టారు ఎంత గొప్ప గారడీ చేసి ఉంటాడో!"

మర్నాడే వెంకటాద్రి గారు కొమ్మ కిందికి వచ్చి నిలబడ్డారు. "అమ్మా విశాలాక్షీ! నిన్ను మండలిలో ప్రేక్షకురాలిగా నియమిస్తున్నాం. రోజూ దొన్నెడు మిడతలు."

"ఏం చెయ్యాలండీ?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. కళ్ళు తెరిచి ఉంచు."

"కళ్ళు తెరిస్తే నాకేమీ..." అని ఆమె చెప్పబోయింది.

"ఏమీ ఫరవాలేదు!" అన్నారు అధ్యక్షుల వారు. తలుపులయ్య తల ఊపాడు. మిడతలు అప్పటికే దొన్నెలో గిలగిలా కొట్టుకుంటున్నాయి. విశాలాక్షి నోరు మూసుకుంది.

అక్కడి నుంచి మండలి పెరగడం మొదలుపెట్టింది. ఒక్క ప్రేక్షకురాలితో ఇంత పేరొస్తే పదిమందితో ఎంత రావాలి? ఆశ్చర్య శాఖ అని కొత్త శాఖ పెట్టారు. సమయానికి మూర్ఛపోవడానికి ఒక దుప్పి వచ్చింది. తల పట్టుకుని దూరంగా పరిగెత్తి, మళ్ళీ తిరిగొచ్చి "అసలెలా?" అని అరవడానికి రెండు కోతులు వచ్చాయి. నవ్వడానికి దుమ్ములగొండి ఎలాగూ ఉంది. అందరికీ ముందు వరసలో విశాలాక్షి.

వీడియోలో ముఖాలు ఎక్కువయ్యేకొద్దీ మాస్టారి చేతికి చోటు తగ్గింది.

"బాబూ తలుపులయ్యా, వేలు ఎలా మడవాలో కనపడకుండా పోతోందయ్యా," అన్నాడు మాస్టారు ఒకరోజు.

"వేలు ఎందుకండీ మాస్టారూ? దుప్పి పడిపోవడం బ్రహ్మాండంగా వచ్చింది."

"నేను చిప్ప ఎత్తకముందే పడిపోయిందది!"

"ఎత్తాక పడితే ఏం లాభమండీ? వెలుతురు పోతుంది."

చివరికి ఉసిరికాయలు దొరకని రోజుల్లో కూడా వీడియోలు తీసేశారు. కోతులు తలలు పట్టుకుని పరిగెత్తాయి. వాటిని ఎవరు, దేనితో ఆశ్చర్యపరిచారో అడిగినవాడు లేడు.

విశాలాక్షికి మొదట్లో బాగానే ఉంది. దారిన పోయేవాళ్ళు ఆగి పలకరిస్తున్నారు. చుట్టరికం మరిచిపోయిన పిన్ని కూడా చూడటానికొచ్చింది. కానీ ఒక మధ్యాహ్నం పాఠం అయిపోయాక, మాస్టారు చిప్పలు తుడుచుకుంటూ ఆమె పక్కన కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఒక్క మాట నిజం చెప్పు. వీళ్ళందరి సంగతీ నాకు తెలుసు. నువ్వు మాత్రం వేషాలు వేసే దానివి కాదు. ఆ మొదటి రోజు ఉసిరికాయ మాయమైనప్పుడు నీకెలా అనిపించింది?"

ఆయన గొంతులో ఆశ విని విశాలాక్షికి నిజం చెప్పడానికి మనసొప్పలేదు. "అద్భుతం మాస్టారూ," అంది మెల్లగా.

నెరిసిన కనుబొమలు రెండూ పైకి లేచాయి. "అదీ! ఒక్కరికి చేరినా చాలమ్మా, ఒక్కరికి చేరినా చాలు," అంటూ మాస్టారు తోక ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ పూట దొన్నెలో మిడతలు అలాగే ఉండిపోయాయి. ఆమెకి తినబుద్ధి కాలేదు.

ఇంతలో ఫిర్యాదులు మొదలయ్యాయి. ముందుగా కుందేలు సుభద్రమ్మ వచ్చింది, రుసరుసలాడుతూ.

"ఏమండీ అధ్యక్షుల వారూ! మీ వీడియో చూసి మా అత్తగారి ముందు గారడీ చేశాను. ఆవిడ మూర్ఛపోలేదు."

"గారడీ సరిగ్గా చేశావా తల్లీ?"

"అది వీడియోలో కనపడితే కదా చెయ్యడానికి! చిప్ప ఎత్తాను. కింద ఉసిరికాయ అలాగే ఉంది. మా అత్తగారు దాన్ని తినేసి, 'ఉప్పుందా?' అంది."

అలాంటివాళ్ళు వరసకట్టారు. మేం చేస్తే ఎవరూ తల పట్టుకోవడం లేదని ఒకరు, మా ఆయన ఆవులించాడని ఒకరు. వెంకటాద్రి గారు కోరలు నిమురుకుని చాలాసేపు ఆలోచించారు.

"లోపం మన పాఠాల్లో లేదు. అడవిలో ప్రేక్షకులకి చదువు లేదు. వాళ్ళకి నేర్పాలి."

తలుపులయ్య మెడ నొప్పెట్టేలా తల ఊపాడు.

ప్రేక్షక శిక్షణ మొదలైంది. నోరు ఎంత తెరవాలి, పక్కవాడి భుజం ఎప్పుడు గిచ్చాలి, మూర్ఛపోతే ఎటు పడాలి అన్నీ పాఠాలే. ఇవి మాత్రం అందరికీ ఇట్టే వచ్చేశాయి. వేళ్ళు మడిచే పని లేదు, ఉసిరికాయ కొనే పని లేదు. నత్తలు కూడా ఉత్తమ శ్రేణిలో పాసయ్యాయి.

మబ్బులు కమ్మాయి. సింహం గారు వచ్చారు.

మద్దిచెట్ల కింద అడవంతా కిక్కిరిసి కూర్చుంది. వెంకటాద్రి గారు దండ వేసి, దణ్ణం పెట్టి, వేదిక వైపు చెయ్యి చూపించారు. "గారడీ నేర్చుకున్న మన అడవి బిడ్డలారా, పైకి రండి!"

ఎవరూ లేవలేదు. అందరూ తమ చోట్లలో నిటారుగా కూర్చుని, నోళ్ళు సగం తెరిచి, సిద్ధంగా ఉన్నారు. వేదిక మీద మూడు వెలగచిప్పలు, ఒక చీమ. అంతే.

"గారడీ చేసేవాళ్ళేరీ?" అన్నాడు సింహం.

"ఆఁ!" అని అడవంతా నోరు తెరిచింది.

సింహానికి అర్థం కాలేదు. ముక్కులోకి దుమ్ము పోయి తుమ్మాడు. కోతులు తలలు పట్టుకుని పరిగెత్తి తిరిగొచ్చాయి. "అసలెలా?" అని అరిచాయి.

"ఏమిటిది? ఏం చూసి ఇంత ఆశ్చర్యం?" సింహం ముందు వరసకి వచ్చి, అన్నిటికంటే పెద్ద కళ్ళ ముందు ఆగాడు. "నువ్వు చెప్పమ్మా. నీకేం కనపడింది?"

పక్కన వెంకటాద్రి గారు కళ్ళతో బతిమాలుతున్నారు గానీ అదీ విశాలాక్షికి కనపడదు. వేదిక పక్కన ఎక్కడో మాస్టారు నిలబడి ఉంటాడు. ఎక్కడో ఆమెకి తెలీదు. చుట్టూ తెల్లటి పాలు తప్ప ఏమీ లేదు.

"ఏమీ కనపడలేదు ప్రభూ. ఇవాళే కాదు, ఏ రోజూ కనపడలేదు. పగటిపూట నాకు చూపు ఆనదు. మాస్టారి గారడీ నేనెప్పుడూ చూడలేదు. చూశానని ఆయనకి అబద్ధం చెప్పాను."

సభ నిశ్శబ్దమైపోయింది. దీనికి ఎలా స్పందించాలో శిక్షణలో చెప్పలేదు మరి.

సింహం జూలు విదిల్చాడు. "వెంకటాద్రీ! ఇదా నీ నిర్వాకం? ఈ మండలిని ఈ క్షణమే రద్దు చేస్తున్నాను!"

అంతే! దుప్పి కుప్పకూలింది. దానితోపాటు ఇరవైముప్ఫై కుందేళ్ళు కూలాయి. ఎలుగుబంట్లు ఒకరి భుజాలొకరు గిచ్చుకున్నాయి. చప్పట్లు, ఈలలు, దుమ్ములగొండి నవ్వు. అడవి దద్దరిల్లిపోయింది.

సింహం ఆగిపోయాడు. ఏళ్ళ తరబడి ఆజ్ఞలు జారీ చేస్తున్నాడు గానీ, ఒక్క ఆజ్ఞకీ ఇంత మర్యాద జరగలేదు. ఆయన సభలో మంత్రులు కునికిపాట్లు పడతారు.

గొంతు సవరించుకుని, "అబ్బే, రద్దు చేయడం లేదు," అన్నాడు, ఏమవుతుందో చూద్దామని.

"ఆఁ!" ఇంకో యాభై కుందేళ్ళు పడ్డాయి.

"ఇవాళ మబ్బుగా ఉంది," అన్నాడు. కోతులు కొండ దాకా పరిగెత్తి వచ్చాయి.

సింహం మొహం వికసించింది. "ఈ శాఖని మొత్తం నా సభకి బదిలీ చేస్తున్నాను. నేను నోరు విప్పినప్పుడల్లా అందరికంటే ముందు నువ్వు నోరు తెరవాలి వెంకటాద్రీ! మూయమనేదాకా మూయకూడదు. ఈ కళ్ళావిడ మాత్రం వద్దు. నిజాలు చెబుతోంది."

వెంకటాద్రి గారికి అది పదోన్నతో శిక్షో అర్థం కాలేదు. తలుపులయ్యని చూశారు. అతను సింహం వైపు తిరిగి తల ఊపుతున్నాడు. ఆ రోజు మొదలు అధ్యక్షుల వారి దవడలు మూతపడలేదు. దుంప నమిలే తీరిక లేక చిక్కిపోయారు. ఈగలు మాత్రం బాగా బలిశాయి.

ఊరేగింపు సింహం వెనకే వెళ్ళిపోయింది. మద్దిచెట్ల కింద పొద్దు వాలింది. ఒక్కొక్క ఆకూ విశాలాక్షి కళ్ళకి తేటగా కనపడసాగింది. వేదిక మీద మాస్టారు ఒక్కడే చిప్పలు సర్దుకుంటున్నాడు. ఆయన వేళ్ళు అంత పొడుగని ఆమెకి అప్పుడే తెలిసింది. మెల్లగా ఆయన దగ్గరికి వెళ్ళింది.

"మాస్టారూ, నన్ను క్షమించండి."

ఆయన చేతిలోని చిప్పని కింద పెట్టాడు. తర్వాత అన్నాడు, "చూడకుండానే మెచ్చుకున్నావు. ఇప్పుడు చూసి తిట్టమ్మా, అదే నాకు మర్యాద."

చిప్పలు బోర్లించాడు. ఉసిరికాయని ఆమె చేతికిచ్చి, ఆమె చేతే చిప్ప కింద పెట్టించాడు. వేళ్ళు నీళ్ళలా కదిలాయి. "ఎత్తు," అన్నాడు.

విశాలాక్షి ఎత్తింది. లేదు. రెండోది ఎత్తింది. లేదు. మూడోది ఎత్తి, దాని లోపలికి తల దూర్చి చూసింది. లేదు.

ఆమె నోరు తెరవలేదు, చప్పట్లు కొట్టలేదు. అంత పెద్ద కళ్ళూ గట్టిగా మూసుకుని, ఏం జరిగిందో మొదటి నుంచీ తలుచుకుంటూ అలాగే ఉండిపోయింది. పిడుగు పడ్డా చలించని గుండె మొదటిసారి కదిలింది.

"తిట్టవేం?" అన్నాడు మాస్టారు.

"మళ్ళీ చెయ్యండి మాస్టారూ."

"చెయ్యను," అన్నాడు ఆయన నవ్వుతూ, ఆమె చిన్న వేళ్ళని తన వేళ్ళ మధ్యకి తీసుకుని. "ఇదిగో, ఈ వేలు ఇలా మడువు."

నీతి: విద్య రాకపోయినా దిగులు పడకండి, నోరు తెరవడం వస్తే చాలు, ఏ సభలోనైనా ముందు వరసలో చోటు మీదే.