నాలుగు బ్యాటరీల సీట్లు

గోదావరి మీద ఏది తేలాలో ఏది మునగాలో నిర్ణయించే అధికారం ఒకప్పుడు నీళ్లకే ఉండేది. ఎవరి సంతకమూ తీసుకోకుండా నీళ్లు ఇంత పెద్ద నిర్ణయాలు చేసేస్తున్నాయని గమనించిన పైవాళ్లు ఆ అధికారాన్ని వెనక్కి తీసుకుని, సారపాకలో ఒక అద్దె మేడ మీద నదీ భార నియంత్రణ కార్యాలయం తెరిచారు. (అక్కడి నుంచి గోదావరి కనబడదు. కనబడితే సిబ్బంది నిష్పాక్షికత దెబ్బతింటుందని అలాంటి మేడే చూసి తీసుకున్నారు.)

ఈ కార్యాలయం కింద ఉన్న పడవ ఒకటే. దానికి సరంగు బొజ్జయ్య. దారి లేని అడవి ఊరు ఇప్పలరేవుకూ భద్రాచలానికీ మధ్య తిరిగే తెరచాప పడవ అది. గాలితో నడిచే పడవకు బ్యాటరీలెందుకని అమాయకులు అడుగుతుంటారు. పడవలో దీపాలున్నాయి, మందులు చల్లగా ఉంచే చిన్న ఫ్రిజ్ ఉంది, భద్రతా సూచనలు చదివే మైకు ఉంది, బ్యాటరీలను ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా కాసే కెమెరా ఉంది. వీటన్నిటికీ కరెంటు కావాలి కదా.

అందుకని నాలుగు సీసం బ్యాటరీలు పెట్టారు. ఒక్కోటి ఒక మనిషి బరువు. అయితే పడవ అనుమతి పత్రంలో సామాను బరువు రాసే గడి లేదు. ‘మనుషులు: పన్నెండు’ అని మాత్రమే ఉంది. సీనియర్ అసిస్టెంటు వెంకటనారాయణ బుర్ర ఉన్న మనిషి. నాలుగు బ్యాటరీలనూ నలుగురు ప్రయాణికులుగా నమోదు చేసి చేతులు దులుపుకున్నాడు. ప్రయాణికులన్నాక సీట్లు ఇవ్వాలి, ఇచ్చారు. లైఫ్ జాకెట్లు వేయాలి, వేశారు. తనిఖీ రోజున జాకెట్ల పట్టీలు బిగిస్తూ, మూడో నంబరుదానికి నడుము కాస్త లావని బొజ్జయ్యకు అనిపించింది కూడా.

మిగిలిన సీట్లలో సరంగు, నర్సమ్మ, ఇద్దరు టీచర్లు, కెమెరా బాగుచేసేవాడు, వాడి పెట్టె మోసేవాడు కూర్చోగా ఊరివాళ్లకు రెండు దక్కేవి. ఆ రెండూ ముందురోజే ఫోన్‌లో బుక్ చేసుకోవాలి. ఇప్పలరేవులో సిగ్నల్ ఉండదు. (ఉంటుంది గానీ, పడవెక్కి గోదావరి మధ్యకు పోతే వస్తుంది.) వేరే పడవలేవీ లేవు. అనుమతి లేనివన్నిటినీ కార్యాలయం ఒడ్డుకు లాగించి బోర్లించింది.

ఇలాంటి సమయంలో బొజ్జయ్య కూతురు వనజ పురిటికి పుట్టింటికి వచ్చింది. మొదటి కాన్పు ఇంటి దగ్గరే కష్టమై బిడ్డ దక్కలేదు. ఈసారి భద్రాచలం దవాఖానాకే పోవాలని తల్లి జంపక్క పట్టుబట్టి, రెండుసార్లు కూతుర్ని రేవుకు తీసుకొచ్చింది. రెండుసార్లూ సీటు లేదు.

"నీ పడవల నీ బిడ్డకే జాగ లేదా?" అని మొగుణ్ని అడిగింది.

"బ్యాటరీలు కూసున్నయే."

"వాటికేమన్న నొప్పులొస్తున్నయా?"

ఈ ప్రశ్నకు నిబంధనల్లో జవాబు లేదు.

పైగా ఎండాకాలం. నీళ్లు తగ్గాయి. ఆ బరువుకు పడవ అడుగు ఇసుక మేటలకు తగిలి మాటిమాటికీ ఆగిపోతోంది. తేలికపాటి లిథియం బ్యాటరీలు ఇప్పించమని బొజ్జయ్య ఎప్పుడో పెట్టుకున్న అర్జీ సరిగ్గా అప్పుడే మంజూరైంది. ఖమ్మం నుంచి కొత్తవి వచ్చాయి. బొజ్జయ్య ఒక్కోదాన్ని ఒంటి చేత్తో ఎత్తి పెట్టాడు. పడవ జానెడు పైకి లేచింది. అతనికి ప్రాణం లేచొచ్చినట్టయింది. అదే ఊపులో సారపాక వెళ్లి మేడ మెట్లెక్కాడు.

"బరువు తగ్గింది సారు. నాలుగు సీట్లు ఖాళీ అయినయ్. ఒకటి నా బిడ్డకు రాయుండ్రి."

"ఏంది ఖాళీ అయ్యేది?" అన్నాడు వెంకటనారాయణ. "పాత బ్యాటరీలు ఎక్కడున్నయ్?"

"మా ఇంటి సూరు కింద."

"ఎక్కడున్నా సరే, పనికిరావని కమిటీ తేల్చేదాకా అవి ప్రయాణికులే. వాటి సీట్లు వాటివే. కమిటీ వచ్చే ఏడాది కూసుంటది."

"మరి కొత్తయి?"

"వాటికి వేరే నాలుగు సీట్లు." వెంకటనారాయణ కొత్తవాటి బరువు చూసి కళ్లజోడు తీశాడు. "ఇరవై కిలోలు కూడ లేవు. అంటే పిల్లలు. పెద్దోళ్లు తోడు లేకుండ పిల్లల్ని పడవెక్కించుడు నేరం, తెలుసా? ఒక్కోదానికి ఒక సంరక్షకుడు ఉండాలె."

బొజ్జయ్య వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు. పాతవి నాలుగు, కొత్తవి నాలుగు, సంరక్షకులు నలుగురు. రేవులో ఖాళీగా ఊగుతున్న పడవ నిండిపోయింది.

"నేనేడ కూసోవాలె సారు?"

"నువ్వొక సంరక్షకుడివి. నర్సమ్మ, టీచర్లిద్దరు మిగతా ముగ్గురు. కెమెరా మనిషి ఒడ్డు నుంచే చూసుకుంటడు. బరువు తగ్గించమన్నవ్, తగ్గించినం. సీట్లు పెంచమని ఎన్నడన్న అడిగినవా?"

అడగలేదు. ఆ మాట నిజమే.

"నా బిడ్డకు మొదటి కాన్పు గిట్లనే పోయింది సారు. ఇప్పుడు ఇది కూడ పోతే, నా పడవ ఎంత తేలికైతే నాకేంది?"

వెంకటనారాయణ రాయి కాదు, ఉద్యోగి. లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"నీ బిడ్డ బరువెంత?"

"అరవై రెండు. ఆశా ఆమె తూచింది."

ఆయన కాగితాలు తిరగేసి ఒక చోట వేలు ఆపాడు. "పాత మూడో నంబరు కూడ అరవై రెండే. ఆ సీట్ల అరవై రెండు కిలోలు కూసున్నట్టు రేవుల రాసుకుంటే నాకు చాలు. ముఖం చూసే అధికారం నాకు లేదు."

మర్నాడు పొద్దున వనజ మూడో నంబరు బ్యాటరీ జాకెట్ తొడుక్కుని ప్రయాణమైంది. (బ్యాటరీలకు టికెట్ లేదు.) నడి గోదావరిలో నొప్పులు మొదలయ్యాయి. మూడో నంబరు బ్యాటరీ నుంచి శబ్దం వస్తోందని కెమెరా మనిషి కార్యాలయానికి తెలియజేశాడు. వెంటనే డిస్టిల్డ్ వాటర్ పోయమని జవాబు వచ్చింది. నర్సమ్మ వనజకు మంచినీళ్లు తాగించింది. పడవ మాత్రం ఒక్క ఇసుక మేటకూ తగలకుండా జారిపోయింది. బొజ్జయ్య చాప తాడు పట్టుకుని, తుడుచుకునే చెయ్యి ఖాళీ లేక, కళ్లనీళ్లు కారుతుండగానే పడవ నడిపాడు.

దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

వాళ్లు తిరిగొచ్చిన వారానికి పైనుంచి మెమో వచ్చింది. ‘మూడో నంబరు బ్యాటరీ వెళ్లేటప్పుడు అరవై రెండు కిలోలు, వచ్చేటప్పుడు యాభై ఆరు. తగ్గిన బరువుకు సంజాయిషీ ఇవ్వగలరు. దానితోపాటు వచ్చిన, మూడు కిలోలైనా లేని వస్తువు ఏమిటో తెలుపగలరు.’

జవాబు వెంకటనారాయణే రాసి బొజ్జయ్య చేత సంతకం పెట్టించాడు: ‘చార్జింగు నిమిత్తం తీసుకెళ్లడమైనది. అక్కడ అదనంగా మరింత తేలికైనది లభించినది.’ పైవాళ్లు చాలా సంతోషించారు. ఇంత తేలికైన బ్యాటరీ ఏ నదిలోనూ లేదని మెచ్చుకుంటూ దానికి కొత్తవాటి వరసలో అయిదో నంబరు కేటాయించారు.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. ఇప్పలరేవు నుంచి ఆ రోజు గర్భిణి ఎవరైనా నది దాటిందా అని జనన నమోదువాళ్లు రాసి అడిగితే, బ్యాటరీలు తప్ప ఎవరూ దాటలేదని కార్యాలయం ఉన్నదున్నట్టు జవాబిచ్చింది.

అందుచేత పిల్లకు జనన ధ్రువీకరణ పత్రం ఇంకా రాలేదు. అయిదేళ్ల వారంటీ కార్డు మాత్రం వచ్చింది.